గిలక బూరె

చెవి దగ్గర పెట్టుకుని ఊపితే గిలకలాగా చప్పుడు చేసే బూరెను మీరెప్పుడయినా తిన్నారా? అటువంటి బూరె ఒకటి ఉన్నది. దాని పుట్టిల్లు వియత్నాం. ఆ దేశపు ఉత్తర భాగాన దాన్ని "బాన్ జాన్" అంటారు. వేయించిన పిండివంట అని అర్థం. దక్షిణాన "బాన్ కామ్" అంటారు. కామ్ అంటే నారింజ. నారింజలాగా గుండ్రంగా ఉంటుంది గనక ఆ పేరు వచ్చింది. పైన ఒళ్ళంతా నువ్వులు, లోపల పెసరపప్పు పూర్ణం.

పూర్ణం మనకు కొత్తది కాదు. మన బూరెల్లో శనగపప్పు పూర్ణం ఎక్కువగా పెడతాం. పెసరపప్పుతో చేసేవాళ్ళూ ఉన్నారు. నువ్వులంటారా, అరిసె మీద అద్దుతాం, సకినాల పిండిలో కలుపుతాం. ఇక ఈ బూరెలో మనకు తెలియని వస్తువు ఒక్కటే: జిగురు బియ్యపు పిండి. దాని సంగతి తరవాత చెబుతాను.

మేము ఉండేది శంషాబాదులో. 2008 మార్చిలో ఇక్కడ విమానాశ్రయం తెరిచిన తరవాత మా ఊరికి లోకమంతా దగ్గరయింది. అంతకు ముందు విమానం ఎక్కాలంటే బేగంపేటకు పోవలసి వచ్చేది. ఇప్పుడు మా మిద్దె మీద నిలబడితే విమానాలు చక్రాలు దించుకుని కిందికి రావటం కనబడుతుంది. అలా వచ్చిన ఒక విమానంలో, ఒక సంక్రాంతికి, మా తమ్ముడూ వాడి కూతురూ దిగారు. తమ్ముడికి హనోయి నగరంలో ఉద్యోగం. పిల్లకు ఎనిమిదేళ్ళు. అక్కడే పెరిగింది. తెలుగు అర్థమవుతుంది గాని, మాట పెదవి దాటదు.

మా అమ్మ మనమరాలి కోసం వారం ముందునుంచే అరిసెలు, సకినాలు చేసి డబ్బాలు నింపింది. పిల్ల ఒక సకినం అంచు కొరికి పక్కన పెట్టింది. అరిసె ముట్టనే లేదు. "తిను బిడ్డా" అని అమ్మ బతిమాలితే తల అడ్డంగా ఊపింది. రెండు రోజులపాటు నాయనమ్మకూ మనమరాలికీ మధ్య నడిచిన మాటలు అంతే.

మూడోనాడు అమ్మ నాతో, "అది పోయేలోపల నా చేతి వంట ఒక్కటన్నా ఇష్టంగ తింటే చాలు. మళ్ళ ఎన్నేండ్లకు వస్తదో, అప్పటికి నేనుంటనో లేదో" అన్నది.

నేను పిల్లను పిలిచి, "అక్కడ నీకు అన్నిటికన్నా ఏది ఇష్టం?" అని అడిగాను. అది కాగితం మీద ఒక గుండ్రని బొమ్మ గీసి, దాని నిండా చుక్కలు పెట్టి, "బాన్ జాన్" అన్నది. అమ్మ ఆ బొమ్మ చూసి, "ఇది నువ్వుల బూరెనే గద!" అని కొంగు బిగించింది.

తమ్ముడు హైదరాబాదు పోయి జిగురు బియ్యపు పిండి తెచ్చాడు. అమ్మ 100 గ్రాముల పెసరపప్పు రెండు గంటలు నానబెట్టి, ఆవిరి మీద ఉడికించి, మెత్తగా మెదిపి, చక్కెరా కొబ్బరికోరూ కలిపి, చిన్న ఉండలు చేసి ఆరబెట్టింది. 250 గ్రాముల జిగురు పిండిలో 50 గ్రాముల మామూలు బియ్యప్పిండి, ఉడికించి మెదిపిన ఒక ఆలుగడ్డ, కొద్దిగా చక్కెర వేసి, గోరువెచ్చని నీళ్ళు కొంచెం కొంచెంగా పోస్తూ కలిపింది. ముద్ద మీద తడిబట్ట కప్పి అరగంట ఉంచింది. తరవాత ముద్దలో పూర్ణం పెట్టి, పగులు లేకుండా మూసి, పైన తడి చేసి నువ్వుల్లో దొర్లించింది.

ఇప్పుడు జిగురు బియ్యం సంగతి. బియ్యంలోని గంజి పదార్థం రెండు రకాలు: అమైలోజ్, అమైలోపెక్టిన్. మనం రోజూ తినే బియ్యంలో రెండూ ఉంటాయి. జిగురు బియ్యంలో అమైలోజ్ దాదాపు ఉండదు. అమైలోపెక్టిన్ అణువులు కొమ్మలు, రెమ్మలు ఉన్న చెట్లవంటివి. అందుకే ఆ పిండి ఉడికితే బంకలాగా సాగుతుంది. ఉత్త బియ్యప్పిండితో ఈ బూరె చేస్తే సాగకుండా పగులుతుంది.

సాగటంలోనే గిలక రహస్యం ఉన్నది. నీరు మరిగి ఆవిరి అయితే పదహారు వందల రెట్లకు పైగా చోటు కావాలి. నూనెలో పడ్డ ముద్దలోని తడి ఆవిరై, పై పొరను బుడగలాగా ఉబ్బిస్తుంది. ఆరబెట్టిన పూర్ణం మాత్రం ఉబ్బదు. పొర దాన్ని వదిలి దూరంగా జరుగుతుంది. పూర్ణం లోపల ఒంటరిగా దొర్లుతూ చప్పుడు చేస్తుంది!

అయితే ఆ ఆవిరే ప్రమాదం కూడాను. నూనె బాగా కాగి ఉంటే పై పొర ముందే గట్టిపడుతుంది. లోపలి ఆవిరికి చోటు దొరకదు. అప్పుడు బూరె టపాకాయలాగా పేలి, కాగిన నూనె ముఖాన చిందుతుంది. ఈ మాట తమ్ముడు ముందే చెప్పాడు. పిల్లేమో పొయ్యి దగ్గరే నిలబడతానని మొండికేసింది. అమ్మ వంటింటి గడప చూపించి, "ఇది దాటితే బూరె లేదు" అన్నది. పిల్ల గడప అవతలే కూచున్నది.

అమ్మ నూనె కొంచెం వేడెక్కగానే ఉండలు వేసి, మంట సన్నగా పెట్టి, చేయి సాచి జల్లిగరిటెతో వాటిని ఆపకుండా దొర్లించింది. అలా తిప్పితే అన్నివైపులా సమంగా ఉబ్బుతాయి. పది నిమిషాలు దాటింది. చెయ్యి నొప్పిపుట్టి అమ్మ ఒక్క క్షణం ఆగింది. వెంటనే గడప దగ్గరనుంచి, "నాయనమ్మా, తిప్పు! తిప్పు!" అని కేక వినబడింది. అమ్మ కళ్ళనిండా నీళ్ళు. కాని గరిటె ఆపలేదు.

బూరెలు బంగారు రంగుకు వచ్చాయి. ఆరిన తరవాత పిల్ల ఒక దాన్ని అమ్మ చెవి దగ్గర ఊపింది. లోపల పూర్ణం గలగలలాడింది. ఆ సాయంత్రం అది మూడు బూరెలు తిన్నది. మర్నాడు తనంతట తనే అరిసెల డబ్బా తెచ్చి, "నాయనమ్మా, ఇదెట్ల చేస్తవు?" అని అడిగింది.

పిల్లలూ, ఈ బూరె చెయ్యాలని మీకూ ఉంటుంది. పప్పు మెదపండి, ఉండలు చుట్టండి, నువ్వులు అద్దండి. వేయించటం మాత్రం పెద్దవాళ్ళ పని. మీరు గడప అవతలే ఉండండి. పెద్దలకు ఒక మాట: నూనె అంటుకుంటే ఎన్నడూ నీళ్ళు పోయకండి, పొయ్యి ఆర్పి, మూకుడు మీద మూత పెట్టండి. ఇక దూరదేశం నుంచి మీ ఇంటికి చుట్టాల పిల్లలు వస్తే, మన వంట ఎందుకు తినరని అడిగేముందు, వాళ్ళ వంట ఏమిటో అడిగి చూడండి.