మోత కావాల్నా, బండి కావాల్నా?

నవ్వనంటే ఒక సంగతి చెప్తాను. పొద్దున్నించీ సాయంత్రందాకా జావా కోడ్‌తో కుస్తీ పట్టి, ఒకటో తారీఖు రాగానే ఈఎమ్ఐలు కట్టేసి, మిగిలినదాంతో నెల ఈదే నాలాంటివాడికి కూడా ఒక పెద్ద కోరిక ఉండేది. అశోక్‌నగర్‌లో నేను కారు స్టార్ట్ చేస్తే నారాయణగూడ చౌరస్తాలో చాయ్ తాగేవాడు కప్పు కింద పెట్టి "ఏందిరా ఆ సౌండు?" అనాలి. ఆ కారేసుకుని నేను అలా కన్యాకుమారి దాకా పోవాలి. అంతే.

అంతే అన్నానుగానీ, ఆ "అంతే"కి రెండేళ్ళ ఆదివారాలు, మా ఆవిడ దగ్గర నాకున్న పరపతి, ఇంకా పైకి చెప్పుకోలేనంత డబ్బూ ఖర్చయ్యాయి.

ఈ పిచ్చి చిన్నప్పట్నించీ ఉంది. అప్పట్లో మా ఇల్లు చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభకి దగ్గర్లో ఒక సందులో. నాన్నది బజాజ్ చేతక్. పక్కకి వంచి, దణ్ణం పెట్టి, నాలుగు కిక్కులు కొడితేగానీ కదిలేది కాదు. నారాయణగూడలో ఒక డాక్టరుగారికి మాత్రం తెల్ల కాంటెస్సా ఉండేది. పొడుగాటి ముక్కు, ముందు నాలుగు హెడ్‌లైట్లు. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఏ సినిమాకి వెళ్ళినా విలన్ అందులోంచే దిగేవాడు. నాకు హీరో అవ్వాలని ఎప్పుడూ అనిపించలేదు. విలన్ కారు ఉంటే చాలనిపించేది.

కాంటెస్సా అంటే ఏంటో తెలియనివాళ్ళు ఇప్పుడు చాలామందే ఉంటారు. అంబాసిడర్ చేసిన హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళే 1984లో దీన్ని తెచ్చారు. డిజైను మాత్రం ఇంగ్లండులో 1970లలో వచ్చిన వాక్సాల్ విక్టర్‌ది. బయట్నించి చూస్తే అమెరికా కండల కారులా ఉంటుంది. బానెట్ ఎత్తితే మొదట్లో లోపల ఉన్నది అంబాసిడర్ ఇంజనే, అటూ ఇటూగా 50 హార్స్ పవర్. పహిల్వాన్ ఒంట్లో గుమాస్తా గుండె అన్నమాట. తర్వాత ఇసుజు వాళ్ళ 1.8 లీటర్ల పెట్రోల్ ఇంజనూ, 5 గేర్లూ పెట్టి "క్లాసిక్" అని అమ్మారు. దానిది 88 హార్స్ పవర్. 2002లో తయారీ ఆపేశారు.

2022లో 1995 మోడల్ క్లాసిక్ ఒకటి నాకు దొరికింది. ఒక రిటైర్డ్ ఇంజనీరుగారి షెడ్డులో దుప్పటి కప్పుకుని పడుకుని ఉంది. కొన్న వారానికే అర్థమైంది, నేను కొన్నది కారు కాదు, లెగసీ కోడ్. డాక్యుమెంటేషన్ ఉండదు. రాసినవాళ్ళు ఎప్పుడో కంపెనీ వదిలేసి వెళ్ళిపోయారు. ఒక చోట ముట్టుకుంటే, సంబంధం లేని ఇంకో చోట ఊడిపోతుంది.

అయినా తగ్గుతామా! ఆఫీసులో చేసే అలవాటు కొద్దీ రిక్వైర్‌మెంట్స్ రాసుకున్నాను. ఒకటి, పవర్. రెండు, సౌండ్. మూడు, లాంగ్ ట్రిప్పులు. ఈ వరస గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

పవర్ కోసం టొయోటా 1జేజెడ్ ఇంజను వేద్దామనుకున్నాను. రెండున్నర లీటర్లు, 6 సిలిండర్లు, రెండు టర్బోలు, 280 హార్స్ పవర్. అప్పుడు ఒక స్నేహితుడు 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను చూపించాడు. తయారుచేసినవాడు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కీ, మన ఆర్సీలో వివరాలకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చి చెప్పింది. పైగా 15 ఏళ్ళు దాటిన కారుకి 5 ఏళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూ చేయించాలి, అంటే ఇన్‌స్పెక్టర్ ముందు బానెట్ ఎత్తాలి. అలా మొదటి రిక్వైర్‌మెంట్ కొట్టేశాను.

సరే, పవర్ లేకపోతే పోయింది, మోతైనా ఉండాలి కదా! సైలెన్సర్ మార్చటం కూడా చట్టానికి నచ్చే పని కాదని నాకు తెలుసు. కానీ మనకి నచ్చిన బగ్‌ని ఫీచర్ అని పిలుచుకోవటం మనకి కొత్తేం కాదుగా :)

నారాయణగూడ ఫ్లైఓవర్‌కి కాస్త లోపలగా, ఒక సందులో ఉస్తాద్ షెడ్డు. ఆయనకి అరవై దాటుంటాయి. పాత బళ్ళ కీళ్ళూ నరాలూ తెలిసినవాడు. సైలెన్సర్ కోసేసి ఇంజను నుంచి వెనక దాకా తిన్నగా పైపు వేసేయమన్నాను. ఆయన చేతులు తుడుచుకుంటూ కాసేపు నన్నే చూశాడు.

"సార్, మీకు మోత కావాల్నా, బండి కావాల్నా?"

"రెండూ కావాలి ఉస్తాద్."

"రెండు గావాల్నంటే రెండు బండ్లు కొనాలె" అని నవ్వి, పైపు వేసిచ్చాడు.

ఆ పని నడుస్తుండగానే ఒక ఆదివారం బహదూర్‌పురాలో సుధా కార్స్ మ్యూజియంకి వెళ్ళాను. కలల కార్లు కట్టుకున్న మనిషి మన ఊళ్ళోనే ఉన్నారు కదా, చూసొద్దామని. సుధాకర్ గారు 2005లో 41 అడుగులకి పైగా ఎత్తున్న మూడు చక్రాల సైకిల్ చేసి గిన్నిస్‌కి ఎక్కారు. 2010లో ఈ మ్యూజియం తెరిచారు. క్రికెట్ బంతి కారు, బర్గర్ కారు, కెమెరా కారు, కమోడ్ కారు... అన్నీ తుక్కులోంచి పుట్టినవే, అన్నీ నడిచేవే. పిల్లలు పగలబడి నవ్వుతున్నారు. బయటికొస్తుంటే ఒక మాట తట్టింది. ఈయన కార్లు చూసేవాళ్ళ కోసం కట్టినవి, ఆ సంగతి ఆయన దాచలేదు. నేను కడుతున్నదీ చూసేవాళ్ళ కోసమే. కానీ అందరికీ "లాంగ్ ట్రిప్పులకి" అని చెప్పుకుంటున్నాను. ఆ ఆలోచనని అక్కడే పార్కింగ్‌లో వదిలేసి ఇంటికొచ్చేశాను.

2024 మే నెలాఖరులో పైపు పూర్తయింది. ఆ రాత్రి 11 దాటాక ఇందిరా పార్క్ నుంచి వీఎస్టీ దాకా ఉన్న స్టీల్ బ్రిడ్జి ఎక్కాను. 2023 ఆగస్టులో తెరిచారు దాన్ని, అశోక్‌నగర్, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ మీదుగా పోతుంది. రెండుసార్లు అటూ ఇటూ తిరిగాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, ఒళ్ళు పులకరించింది. తర్వాత మా సందులోకొచ్చి, ఆపేముందు ఇంకోసారి యాక్సిలరేటర్ తొక్కాను. ఊరికే.

పొద్దున్నే గేటు దగ్గర ఒక కుర్రాడు నిలబడి ఉన్నాడు. ఎదురుగా ఉన్న హాస్టల్లో మూడో అంతస్తు. అశోక్‌నగర్‌లో ఇలాంటివాళ్ళు ఎంతమందో మీకు తెలిసిందే. రోడ్డుకి ఇటు కోచింగ్ సెంటర్లు, అటు హాస్టళ్ళు, మధ్యలో జిరాక్సు షాపులు.

"అన్నా, ఒక చిన్న రిక్వెస్టు. కోపం చేస్కోకండి. జూన్ 9న గ్రూప్-1 ప్రిలిమ్స్ ఉంది. రూంల నలుగురం ఉంటం, వాళ్ళు పన్నంక రాత్రి పది నుంచి రెండు దాకా సదువుకుంట. నిన్న మీ బండి సౌండుకి ఒకటే పేజీ మూడుసార్లు మొదట్నించి సదివిన."

నాకు ఏం మాట్లాడాలో తెలియలేదు. "ఎన్నోసారి రాస్తున్నావు తమ్ముడూ?" అని అడిగాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"అదే పరీక్ష అన్నా, మూడోసారి."

లెక్క చూస్తే నిజమే. 2022 అక్టోబర్‌లో ఒకసారి ప్రిలిమ్స్ రాశారు, పేపర్ లీకై 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్‌లో మళ్ళీ రాశారు, సెప్టెంబర్‌లో హైకోర్టు తీర్పుతో అదీ రద్దయింది. ఇప్పుడు మూడోది. నేను ఇసుజు ఇంజను బోల్టులు ఊడదీసి పెట్టుకున్న ఆ రెండేళ్ళూ, ఆ కుర్రాడు రోడ్డుకి అవతల ఒకే సిలబస్ పెట్టుకుని కూర్చున్నాడు.

వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "బండి మాత్రం మంచిగుంది అన్నా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఆ రోజు పగటిపూట ఫోన్లో డెసిబెల్ యాప్ వేసుకుని హాస్టల్ గేటు దగ్గర నిలబడి, వాచ్‌మన్ చేత ఇంజను రేజ్ చేయించాను. 85 చూపించింది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్ళున్న చోట పగలు 55, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 45 దాటకూడదు. 45కీ 85కీ తేడా 40 అనుకునేరు. ప్రతి 10 డెసిబెల్స్‌కీ శబ్దశక్తి 10 రెట్లు. అంటే 10,000 రెట్లు! ఫోన్ యాప్ లెక్క కోర్టులో నిలవదుగానీ, నా మనస్సాక్షికి సరిపోయింది. ఆ వారమంతా నేనూ వాచ్‌మనూ కారుని సందు చివరిదాకా తోసుకెళ్ళి అక్కడ స్టార్ట్ చేశాం. 1200 కిలోల బండి తోస్తుంటే మనిషికి చాలా విషయాలు బోధపడతాయి.

మిగిలింది మా ఆవిడ బోధపరిచింది. ఆదివారం తనని తీసుకుని ఔటర్ రింగ్ రోడ్డు చుట్టూ, 158 కిలోమీటర్లు, ఒక రౌండ్ వేద్దామని బయల్దేరాను. మొదటి పావుగంట నవ్వింది. తర్వాత ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంది. శంషాబాద్ దగ్గర కారు ఆపితే, "మనం మాట్లాడుకుని గంటయింది, గమనించారా? కన్యాకుమారి మీరు దీంట్లో వెళ్ళండి, నేను రైల్లో వస్తా" అంది.

ఇక్కడ కాస్త లెక్క చెప్పనివ్వండి. టాప్ గేర్‌లో హైవే మీద నా ఇంజను దాదాపు 3000 ఆర్పీఎమ్ తిరుగుతుంది. నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒక్కో చుట్టుకి రెండు పేలుళ్ళు. సెకనుకి 50 చుట్లు, అంటే 100 పేలుళ్ళు. 100 హెర్ట్జ్ దగ్గర ఒకటే "హూఁ..." అని, తలుపులు బిగించిన కారులో మెదడు మీద కూర్చుంటుంది. పది నిమిషాలు సంగీతం, పది గంటలు శిక్ష. పైగా నేను కలగన్న ఆ అమెరికన్ వీ8 గుర్రుమనే శబ్దం ఇందులోంచి చచ్చినా రాదు. అది 8 సిలిండర్లు, వాటి క్రాంక్ షాఫ్ట్ అమరిక, ఒక్కో వరసలో పేలుళ్ళు సమానమైన ఎడంలో రాకపోవటం, వీటన్నిటి వల్లా పుట్టేది. గొట్టం కోసేస్తే సిలిండర్లు పెరగవు. ఘటానికి చిల్లు పెడితే వేణువు అవుతుందా!

పవర్ సంగతీ అంతే. ఇంత పెద్ద కారు చదునైన రోడ్డు మీద 100 స్పీడులో నిలకడగా పోవటానికి నా కాకి లెక్కలో పాతిక హార్స్ పవర్ చాలు. మిగిలిన అరవై ఓవర్‌టేక్‌కీ ఘాట్‌కీ. 280 నాకెందుకు? చెప్పుకోవటానికి. అంటే నా మూడు రిక్వైర్‌మెంట్స్‌లో మొదటి రెండూ రోడ్డు పక్కన నిలబడ్డవాడి కోసం. కారులో కూర్చునేవాళ్ళ కోసం రాసింది మూడోది ఒక్కటే, అదీ చివర్లో. డెమోకి పనికొచ్చేదంతా ముందు పెట్టి, ప్రొడక్షన్‌లో నిలబడాల్సినదాన్ని ఆఖర్న పెట్టాను. ఇదే తప్పు ఎవరైనా జూనియర్ చేస్తే ఎంత క్లాసు పీకుతామో!

మళ్ళీ ఉస్తాద్ దగ్గరికెళ్ళి రోల్‌బ్యాక్ అన్నాను. ఆయన ఏమీ అనలేదు. పాత సైలెన్సర్ పారేయకుండా అటక మీద దాచాడట, నేనొస్తానని తెలిసినట్టు. మిగిలిన డబ్బులు రేడియేటర్ కోర్‌కీ, బ్రేకులకీ, కొత్త టైర్లకీ, హెడ్‌లైట్లకి రిలేలకీ, సీట్లలో కొత్త ఫోమ్‌కీ పెట్టాం. ఇవేవీ ఫొటోలో కనపడవు. చాయ్ తాగేవాడెవడూ వీటి కోసం కప్పు కింద పెట్టడు. స్టార్ట్ చేసి చూపిస్తూ, "గిప్పుడైంది సార్ బండి" అన్నాడు ఉస్తాద్.

2024 ఆగస్టులో శ్రీశైలం వెళ్ళాం. డ్యామ్ గేట్లు ఎత్తిన రోజులు. అమ్రాబాద్ పులుల అడవి కాబట్టి మన్ననూరు చెక్‌పోస్ట్ రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు. తెరిచే టైముకి అక్కడుండాలని మూడున్నరకే లేచాం. సందంతా చీకటి. మూడో అంతస్తులో ఒక్క కిటికీలో లైటుంది. ప్రిలిమ్స్ గట్టెక్కి మెయిన్స్‌కి చదువుతున్నాడు మనవాడు. భయపడుతూనే తాళం తిప్పాను. ఎవరూ తొంగి చూడలేదు.

కల్వకుర్తి, డిండి దాటి మన్ననూరు చేరేసరికి తెల్లారింది. అడవిలో అద్దాలు దించుకుని వెళ్తుంటే పిట్టల అరుపులు వినపడ్డాయి. దోమలపెంట దాకా మా ఆవిడ ఆపకుండా మాట్లాడింది. చాలావరకు నా ఖర్చుల గురించే, అయినా హాయిగానే ఉంది. డ్యామ్ దగ్గరికి దిగే మలుపుల్లో కూడా టెంపరేచర్ ముల్లు సగం దాటలేదు.

మోత మీద కోరిక పోయిందా అంటే, పూర్తిగా పోలేదు. స్టీల్ బ్రిడ్జి కింద నుంచి వెళ్ళినప్పుడల్లా ఆ రాత్రి గుర్తొస్తుంది. ఆ తిన్నటి పైపు ఇప్పటికీ మా మేడ మీదే ఉంది. రెండు గోడల మధ్య కట్టి, మా ఆవిడ దాని మీద బట్టలారేస్తోంది.