అక్కడ ముస్తఫా లేడు

"మావయ్యా, దీంట్లో పాజ్ ఎక్కడుంది?"

మా అక్క కొడుకు అడిగిన మొదటి ప్రశ్న ఇది. వాడికి పద్నాలుగేళ్ళు. వాడి ఎదురుగా ఉన్నది 1981 నాటి గ్యాలగా మెషిన్. ఒక హ్యాండిల్, ఒక బటన్, అంతే. పాజ్ లేదు, సేవ్ లేదు, సెట్టింగ్స్ లేవు. నేను సమాధానం చెప్పేలోపే వాడి మూడు షిప్పులూ పేలిపోయాయి. నిమిషం కూడా పట్టలేదు.

"మరి కంటిన్యూ చెయ్యాలంటే యాడ్ చూడాలా?"

"యాడ్ కాదు నాన్నా, ఇంకో బిళ్ళ వెయ్యాలి."

మేం ఉన్నది అమెరికాలో, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని లాకోనియా అనే ఊళ్ళో. నాషువాలో ఉండే అక్క వాళ్ళింటి నుంచి ఉత్తరంగా కారులో గంటకు కాస్త పైన పట్టింది. అక్టోబర్ కదా, దారి పొడవునా చెట్లు ఎర్రగా, పసుపుగా మండుతున్నట్టున్నాయి. అందరూ ఆ ఆకులు చూడ్డానికి, విన్నిపెసాకీ సరస్సు చూడ్డానికి వెళ్తారు. మేం మాత్రం సరస్సుకి ఒక దండం పెట్టి, వీర్స్ బీచ్ దగ్గరున్న ఫన్‌స్పాట్‌లోకి దూరిపోయాం.

బయట నుంచి చూస్తే పెద్ద గోడౌన్‌లా ఉంటుంది. నమ్మబుద్ధి కాదు గానీ, 2008లో గిన్నిస్ వాళ్ళు ప్రపంచంలోనే అతి పెద్ద ఆర్కేడ్ అని రాసుకున్నది దీన్నే. బాబ్ లాటన్ అనే కుర్రాడు వాళ్ళ నాయనమ్మ దగ్గర 750 డాలర్లు అప్పు తీసుకుని 1952లో మొదలుపెట్టాడట. అప్పట్లో వీడియో గేమ్స్ ఎక్కడివి? మినీ గోల్ఫ్, అలాంటివే. తర్వాత గేమ్స్ ఒక్కొక్కటే వచ్చి చేరాయి. మిగతా ఆర్కేడ్ల వాళ్ళు పాత మెషిన్లు తీసేసి కొత్తవి పెట్టుకుంటూ పోతే, వీళ్ళు చాలావాటిని పారెయ్యకుండా ఉంచుకున్నారు. 1998లో గ్యారీ విన్సెంట్ అనే ఉద్యోగి వాటిని ఒకచోట చేర్చడం మొదలుపెట్టాడు. అలా పుట్టిందే అమెరికన్ క్లాసిక్ ఆర్కేడ్ మ్యూజియం. 250కి పైగా పాత మెషిన్లు. అద్దాల వెనక పెట్టి చూడమనే మ్యూజియం కాదిది. టోకెన్ వేసి ఆడుకోవచ్చు. లోపలికి టికెట్ కూడా లేదు.

పైకి వెళ్తే లైట్లు తక్కువ. ఎనభైల నాటి పాటలు. వాటి మీద ఒకేసారి వందల మెషిన్లు చేసే చప్పుడు. ఆ చప్పుడు చెవిలో పడగానే నేను గుంటూరు బ్రాడీపేటలో ఉన్నా.

మా పెదనాన్న కొడుకు శ్రీను అన్నయ్య నన్ను మొదటిసారి గేమ్స్ షాపుకి తీసుకెళ్ళింది అక్కడికే. తొంభైల చివర. ముందు కర్టెన్, లోపల అయిదు మెషిన్లు, ఒక టేబుల్ ఫ్యాన్, ఇరవైమంది పిల్లల చెమట. గేమ్‌కి రూపాయి. ఆడేవాడు ఒక్కడు, వెనక నిలబడి సలహాలిచ్చేవాళ్ళు పదిమంది. అందరికీ కావాల్సింది ఒకటే గేమ్: ముస్తఫా. దాని అసలు పేరు 'క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్' అనీ, జపాన్ కంపెనీ కాప్‌కామ్ 1993లో తీసిందనీ మాకెవరికీ తెలీదు. నలుగురు హీరోల్లో టోపీ పెట్టుకున్నవాడి పేరు ముస్తఫా కైరో. వాడు ఎగిరి తన్నే తన్ను మాకు నచ్చింది కాబట్టి గేమ్‌కే వాడి పేరు పెట్టేశాం. విచిత్రం ఏంటంటే ఈ పేరు మా ఊరివాళ్ళు పెట్టింది కాదు. హైదరాబాద్‌లో అడగండి, ముంబైలో అడగండి, అందరికీ అది ముస్తఫానే.

అన్నయ్య దాంట్లో మొనగాడు. ఎనిమిది స్టేజీలు ఉంటాయి. మేమంతా మూడో స్టేజీకే చచ్చి ఇంటికి పోయేవాళ్ళం. ఒక ఆదివారం అన్నయ్య ఒక్క రూపాయి బిళ్ళతో ఎనిమిదో స్టేజీ చివరి బాస్ దాకా వెళ్ళాడు. షాపులో మిగతా మెషిన్లన్నీ ఖాళీ. అందరూ ఈ మెషిన్ చుట్టే. ఇంకో నాలుగైదు దెబ్బలు కొడితే అయిపోతుంది.

కరెంటు పోయింది.

ఆ చీకట్లో ఎవరూ మాట్లాడకపోవడం నాకిప్పటికీ గుర్తు. ఓనర్ కొవ్వొత్తి వెలిగించి, "కరెంటు పోతే నా పూచీ లేదు, ముందే చెప్పా" అన్నాడు. కరెంటు వచ్చాక మెషిన్‌లో ఏమీ లేదు. స్కోరు లేదు, అన్నయ్య పేరు లేదు. ఆ వారమే పెదనాన్నకి సంగతి తెలిసి, అన్నయ్య చెవి పట్టుకుని ఇంటికి లాక్కెళ్ళాడు. ఇంటర్ సెకండియర్ కదా. పరీక్షలయ్యాక వెళ్తే అక్కడ ఇంటర్నెట్ సెంటర్ ఉంది.

ఇదంతా మా మేనల్లుడికి కార్లో వస్తున్నప్పుడే చెప్పా. వాడు ఇయర్‌ఫోన్స్ తీసి మరీ విన్నాడు. "సో, ఆయన ఎండింగ్ చూళ్ళేదా?" అన్నాడు. లేదు.

అందుకే మ్యూజియంలోకి రాగానే నేను వరసగా ప్రతి మెషిన్ పేరూ చదువుతూ వెళ్ళా. ఒక మూల కంప్యూటర్ స్పేస్ ఉంది. 1971లో వచ్చిన ఈ గేమ్‌తోనే బిళ్ళ వేసి ఆడే వీడియో గేముల వ్యాపారం మొదలైంది. డబ్బా చూస్తే కళ్ళు చెదురుతాయి గానీ ఆడుతుంటే చిరాకొస్తుంది. పాతది కాబట్టి గొప్పదనేసే బ్యాచ్ కాదు నేను. పాంగ్ కూడా రెండు నిమిషాలకే బోర్ కొట్టింది.

కానీ స్పేస్ ఇన్వేడర్స్ దగ్గర నిలబడిపోయాం. 1978లో తొమోహిరో నిషికాడో చేసిన గేమ్. మొత్తం 55 మంది ఏలియన్లు అడ్డంగా నడుస్తూ మెల్లగా కిందికి దిగుతుంటారు. మనం వాళ్ళని కాల్చేకొద్దీ మిగిలినవాళ్ళు స్పీడ్ పెంచుతారు. చివరికి ఒక్కడు మిగిలాడంటే వాడు పరుగే పరుగు. నిజానికి అది కావాలని పెట్టింది కాదు. ఆ చిప్‌కి 55 బొమ్మల్ని కదిలించడం బరువు. బొమ్మలు తగ్గేకొద్దీ దానికి పని తేలికై, మిగిలినవి వేగంగా కదిలేవి. నిషికాడో అది చూసి, బాగుందని అలాగే ఉంచేశాడు. గేమ్ ముందుకెళ్ళేకొద్దీ కష్టమవ్వాలనే సూత్రం ఒక స్లో చిప్ పుణ్యమా అని అలా స్థిరపడింది. "అంటే ల్యాగ్‌నే ఫీచర్ చేశాడా!" అన్నాడు మావాడు. వాడి మొహంలో మొదటిసారి గౌరవం కనిపించింది.

ప్యాక్‌మ్యాన్‌కి ఈ చోటుతో వేరే చుట్టరికం ఉంది. 1980లో నామ్కో కంపెనీలో తొరు ఇవాతాని చేసిన గేమ్ ఇది. పసుపు రంగు నోరు, నాలుగు దయ్యాలు, మీకు తెలిసిందే. ఆ దయ్యాలు ఊరికే తిరగవు. ఎర్రది సూటిగా మన వెనకే వస్తుంది. గులాబీది మనం వెళ్ళే దిక్కులో నాలుగు గళ్ళు ముందుకి గురిపెట్టి అడ్డం కాస్తుంది. మనం ప్రతిసారీ ఒకే దారిలో, ఒకే టైమింగ్‌తో వెళ్తే అవీ ప్రతిసారీ ఒకేలా కదులుతాయి. కాబట్టి బట్టీ పట్టొచ్చు. 1999 జూలై 3న ఇదే ఫన్‌స్పాట్‌లో బిల్లీ మిచెల్ 33,33,360 పాయింట్లు కొట్టాడు. ప్యాక్‌మ్యాన్‌లో అంతకంటే ఎక్కువ సాధ్యం కాదు. 255 లెవెల్స్‌లో ప్రతి చుక్కా, ప్రతి పండూ తినాలి, నీలం రంగులోకి మారిన ప్రతి దయ్యాన్నీ తినాలి, ఒక్క లైఫ్ కూడా పోకూడదు. 256వ లెవెల్ వచ్చేసరికి లెక్క పెట్టే బైట్ నిండిపోయి, స్క్రీన్ కుడి సగం పిచ్చి పిచ్చి అక్షరాలతో నిండిపోతుంది. ఇక ఆడలేం. డాంకీ కాంగ్ స్కోర్ల మీద అతని చుట్టూ తర్వాత నడిచిన గొడవ పెద్ద కథ. ఆసక్తి ఉంటే 2007లో వచ్చిన 'ది కింగ్ ఆఫ్ కాంగ్' డాక్యుమెంటరీ చూడండి, అందులో ఈ ఆర్కేడ్ కూడా కనిపిస్తుంది.

నేను రెండో లెవెల్లో పోయాను. అది వదిలేయండి.

మొత్తం తిరిగాను. ముస్తఫా లేడు. ఇక్కడున్నవి దాదాపుగా డెబ్భైలు, ఎనభైల నాటి మెషిన్లు. మనవాడు 1993 వాడు. కింద ఫ్లోర్‌లో కొత్త గేమ్స్ ఉంటే అక్కడా వెతికా. లేడు.

అన్నయ్యకి వీడియో కాల్ చేశా. ఇండియాలో రాత్రి ఎనిమిదిన్నర. గుంటూరులో తన మొబైల్ షాపులో ఎవరి ఫోనుకో గ్లాస్ వేస్తున్నాడు. నేను ఫోన్ తిప్పి వరసలన్నీ చూపించా. కళ్ళు దగ్గరగా పెట్టి చూస్తూ అడిగాడు.

"ముస్తఫా ఉన్నాడా రా?"

"లేడన్నయ్యా."

"అంత దూరం పోయి..." అని నవ్వాడు.

ఆ నవ్వులో కొంచెం నిజం ఉంది. అమెరికాలో ఒక ఊరి ఆర్కేడ్‌లోని మెషిన్లని మ్యూజియం కట్టి కాపాడుకున్నారు. మన ఊళ్ళలో షాపులు మూతపడ్డప్పుడు ఆ డబ్బాలు పాతసామాన్ల వాడికి పోయాయి. పైగా ముస్తఫా బోర్డుకి ఇంకో శాపం. ఒరిజినల్ బోర్డులో ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది. కాపీ కొట్టకుండా దొంగల కోసం పెట్టిన తాళం అన్నమాట. బ్యాటరీ అయిపోతే లోపలి తాళంచెవి చెరిగిపోయి బోర్డు మూగబోతుంది. దొంగ కాపీ బోర్డుల్లో ఆ తాళమే ఉండదు కాబట్టి వాటికి ఆ బెడద లేదు! గేమ్‌కి మూలమైన కామిక్ హక్కులు వేరేవాళ్ళవి కావడంతో, కాప్‌కామ్ తన పాత గేమ్స్ కలిపి అమ్మే కలెక్షన్లలోనూ ఇది కనిపించదు.

ఇక్కడి మెషిన్ల ఆరోగ్యం కూడా అంతంతే. నాలుగైదు చోట్ల పని చేయట్లేదని కాగితాలు అతికించారు. పాత పిక్చర్ ట్యూబులు ఇప్పుడు కొత్తగా తయారుచేసేవాళ్ళు లేరు. ఒకటి పోతే ఇంకో చచ్చిన మెషిన్‌లోంచి పార్టులు తీసి బతికించాల్సిందే. అందుకే మీలో అటువైపు ఉన్నవాళ్ళు, చుట్టాలింటికి వెళ్ళేవాళ్ళు ఆకులు చూసే ట్రిప్‌లో ఒక పూట దీనికి ఇవ్వండి. ఏడాది పొడవునా తెరిచే ఉంటుంది.

"అన్నయ్యా, ఫోన్లో దొరుకుతుంది కదా, ఆడి ఫినిష్ చెయ్యొచ్చుగా?" అన్నాను, ఎప్పట్నుంచో అడగాలనుకున్నది.

"చేశాను రా, లాక్‌డౌన్‌లో. బాస్‌ని చంపా. ఎండింగ్ కూడా చూశా. కానీ దాంట్లో బిళ్ళలు ఎన్ని కావాలంటే అన్ని పడతాయి. చచ్చినప్పుడల్లా బటన్ నొక్కడమే. నలభైసార్లు నొక్కుంటా." కస్టమర్ ఎవరో పిలిచారు. "నాకు ఫినిష్ చేసినట్టు అనిపించలేదు" అని పెట్టేశాడు.

తిరిగి చూస్తే మావాడు గ్యాలగా దగ్గరే ఉన్నాడు. ఈసారి వాడి నిలబడే తీరే మారింది. వాడికి ఒక ట్రిక్ చెప్పా. పైనున్న పెద్ద బాస్ నీలం రంగు కిరణం వదిలి మన షిప్పుని ఎత్తుకుపోతుంది. చాలామంది తప్పించుకుంటారు. తెలిసినవాళ్ళు కావాలనే చిక్కుతారు. ఒక లైఫ్ పోయినట్టే. కానీ ఆ బాస్ దాడికి దిగినప్పుడు సరిగ్గా దాన్నే కొడితే మన పాత షిప్పు తిరిగొచ్చి పక్కన చేరుతుంది. రెండు షిప్పులు, రెండు తుపాకులు. గురి తప్పి మన షిప్పునే కొట్టామా, అది పోయినట్టే.

మొదటిసారి తన షిప్పునే కాల్చుకున్నాడు. రెండోసారీ అంతే. నాకు టోకెన్ల కోసం చెయ్యి చాచడం మానేసి తన జేబులోవి తీసుకోవడం మొదలుపెట్టాడు. డబ్బులు వాడివైనప్పటి నుంచి ఆట నెమ్మదించింది. కిరణం కిందికి వెళ్ళే ముందు ఒక్క క్షణం ఆగుతున్నాడు. ఊపిరి బిగబడుతున్నాడు. నేను వెనక నిలబడి "కొట్టు కొట్టు, ఇప్పుడు కొట్టు" అని అరుస్తున్నా. కాసేపటికి ఎవరో ఇద్దరు తెల్లవాళ్ళు కూడా మా వెనక చేరారు. బ్రాడీపేటలో లాగే.

షిప్పు తిరిగొచ్చి పక్కన అతుక్కున్నప్పుడు వాడు అరిచిన అరుపుకి పక్క వరసలో వాళ్ళు తిరిగి చూశారు.

స్కోరు అయిదో స్థానంలోకి ఎక్కింది. మూడు అక్షరాలు కొట్టమంది. వాడు తన పేరు కొట్టలేదు. హ్యాండిల్ అటూ ఇటూ తిప్పుతూ ఎస్, ఆర్, ఐ అని కొట్టాడు.

"శ్రీను మావయ్యకి ఐదక్షరాలు పట్టవు" అన్నాడు, సంజాయిషీగా. తర్వాత, "ఇది రేపు కూడా ఉంటుందా?"

"ఉండదు రా. రాత్రి స్విచ్ తీస్తే పోతుంది."

గబగబా ఫోన్ తీసి ఫొటో కొట్టి అన్నయ్యకి వాట్సాప్‌లో పంపాడు. రెండు నిమిషాలకి రిప్లై వచ్చింది. వాడికి తెలుగు చదవడం రాదు, నాకు చూపించాడు.

"ఎన్ని బిళ్ళలు పట్టాయి?"

"పదకొండు" అని నేనే టైప్ చేశా.

"ఒక్కదాంతో కొట్టినప్పుడు పంపమను."

చదివి చెప్పా. వాడు ఫోన్ జేబులో పెట్టుకుని టోకెన్ల మెషిన్ వైపు నడిచాడు.