ముట్టింది

"రేయ్, ఈ నెల నుంచి బాడుగ తాత అకౌంటుకు వేయొద్దంట. అల్లుడు స్కానరు పంపినాడు, దానికి కొట్టమంటాండాడు."

అమ్మ ఆదోని నుంచి ఫోన్ చేసినప్పుడు నేను బెంగళూరులో ఆఫీసు మీటింగులో ఉన్నాను. ఆ మీటింగు కూడా పేమెంట్ల గురించే. నా ఉద్యోగమే అది: ఒక చోట డబ్బు పోయిందని రాసి, ఇంకో చోట వచ్చిందని రాసి, రెండూ సరిపోయాయో లేదో చూసే సాఫ్ట్‌వేర్. "సరేలేమ్మా, ఆ స్కానరు పంపు" అని నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

మా ఇంటి ఓనరుకి, అంటే మేం తాత అని పిలిచే మనిషికి, రెండు నెలల కింద పక్షవాతం వచ్చింది. బళ్లారిలో చూపించి ఇంటికి తెచ్చారు. కుడి చెయ్యి పడిపోయింది, మాట తేలడం లేదు. కొడుకు పుణెలో ఉంటాడు. ఆస్పత్రికి తిప్పిందీ బిల్లులు కట్టిందీ అల్లుడే. ఇప్పుడు ఇంటి వ్యవహారాలూ అల్లుడే చూస్తున్నాడు.

"ఇంకోటి కూడా అడిగినాడు" అంది అమ్మ. "మూడు లక్షల ఇరవైఐదు వేలు ఒకేసారి ఇస్తే లీజుకు రాసిస్తాడంట. మూడేండ్లు బాడుగే వద్దంట. క్యాష్ ఇయ్యమన్యాడు."

మా వైపు తెలియనివాళ్ల కోసం చెప్పాలి. ఆదోని, బళ్లారి, బెంగళూరు ప్రాంతాల్లో ఇంటిని 'లీజుకిచ్చాను' అంటే చట్టం పుస్తకాల్లోని లీజు కాదు. పెద్దవాళ్లు భోగ్యం అనేవారు. ఓనరుకి పెద్ద మొత్తం ఒకేసారి ఇస్తావు, బాడుగ లేకుండా ఉంటావు, ఖాళీ చేసేటప్పుడు ఆ మొత్తం వెనక్కి తీసుకుంటావు. ఓనరుకి అది వడ్డీ లేని అప్పు, నీకు బాడుగ లేని ఇల్లు. దక్షిణ కొరియాలోనూ దాదాపు ఇదే పద్ధతి ఉంది, జాన్సే అంటారు. ఆ డబ్బు ఓనర్ల దగ్గర ఇరుక్కుపోయి ఎంతమంది మునిగారంటే, 2023లో బాధితుల కోసం అక్కడ ప్రత్యేక చట్టమే చేయాల్సి వచ్చింది.

అల్లుడు చెప్పిన అంకె ఊరికే రాలేదు. మా బాడుగ ఆరు వేల ఐదు వందలు. మా ఊళ్లో చేబదులు వడ్డీ నూటికి రెండు రూపాయలు. మూడు లక్షల ఇరవైఐదు వేలకు నెలకు రెండు రూపాయల లెక్కన సరిగ్గా ఆరు వేల ఐదు వందలు. ఆయన వైపు నుంచి ధర్మమైన లెక్కే. మా వైపు నుంచి చూస్తే ఇంకా రుచిగా ఉంటుంది. అదే డబ్బు బ్యాంకులో ఏడు శాతానికి వేస్తే నెలకు వచ్చేది పందొమ్మిది వందలు కూడా కాదు. అంటే అమ్మ బాడుగ పందొమ్మిది వందలకు దిగినట్టే. అమ్మ ఈ లెక్క నాకంటే ముందే వేసేసింది.

*

అమ్మకు లెక్క తెలుసు. నాకు మాత్రం ఎమ్మిగనూరు గుర్తొచ్చింది.

ఎమ్మిగనూరు అనగానే 1938లో మాచాని సోమప్ప గారు మొదలుపెట్టిన చేనేత సహకార సంఘం గురించి చెబుతారు. చెప్పాల్సిందే. అయితే మా నాయన సంఘంలో సభ్యుడు కాదు. ఒక సావుకారి దగ్గర కూలికి నేసేవాడు. మేమున్న గది కూడా ఆయనదే. నడుమ గుంత మగ్గం, దాని చుట్టూ మా కాపురం. బాడుగ చేతికి ఇచ్చే పని లేదు, కూలిలో పట్టుకునేవాడు. "ఇచ్చేది నువ్వే, తీసుకునేది నువ్వే, మధ్యలో దుడ్డు చేతులు మారడం దేనికప్పా" అనేవాడట. నిజమే కదా అనిపిస్తుంది. ఈ రోజుల్లో మేం ఆఫీసులో నెట్టింగ్ అంటామే, అది.

నాయన ఒక నోటుబుక్కులో అన్నీ రాసుకునేవాడు. ఎన్ని చీరలు దించాడు, ఎంత కూలి, ఎంత బాడుగ పట్టుకున్నారు. ఒక ఏడాది సావుకారి నాలుగు నెలల బాడుగ బాకీ అన్నాడు. నాయన బుక్కు తెరిచి చూపించాడు. ఆయన ఒక పేజీ తిప్పి, "ఇది నీ చేతిరాత. నేను రాసిన అచ్చరం ఒక్కటన్నా ఉందా ఇందులో?" అన్నాడు. నేనప్పుడు నాలుగో తరగతి. మగ్గం అక్కడే వదిలేసి ఆదోని బస్సెక్కాం. నాయన మళ్లీ నెయ్యలేదు. పత్తి జిన్నింగు ఫ్యాక్టరీలో గుమాస్తాగా చేరి, జీవితమంతా ఇంకొకరి లెక్కలు రాశాడు.

కొన్నేళ్లకు తాత ఇంట్లో దిగాం. మొదటి నెల బాడుగతో పాటు నాయన కొత్త నోటుబుక్కు పట్టుకెళ్లాడు. "ముట్టింది అని రాసి సంతకం పెట్టు మామా." తాత నవ్వి, రాసి, సంతకం పెట్టాడు. ఆ తర్వాత ప్రతి నెలా. బాడుగ ఐదు వేలు దాటినప్పుడు, నగదు రసీదుకు రూపాయి రెవెన్యూ స్టాంపు ఉండాలని నాయన పోస్టాఫీసు నుంచి తెచ్చి అంటించేవాడు. నేను ఉద్యోగంలో చేరి బెంగళూరు నుంచే డబ్బు పంపడం మొదలుపెట్టాక కూడా అమ్మ బుక్కు తీసుకుని వెళ్లడం మానలేదు. "స్క్రీన్‌షాట్ ఉంది కదమ్మా" అని ఎగతాళి చేసేవాణ్ని.

2021లో నాయన పోయాడు. రెండు నెలలు బాడుగ సంగతి నాకూ అమ్మకూ గుర్తే లేదు. తర్వాత అమ్మ బుక్కు తీసుకెళ్లి, సిగ్గుపడుతూ రెండు నెలలదీ కలిపి ఇస్తానంటే, తాత బుక్కు లాక్కుని జూన్ ఎదుట ముట్టింది, జులై ఎదుట ముట్టింది అని రాసి సంతకం పెట్టి పంపేశాడట. డబ్బు తీసుకోలేదు. ఆ బుక్కులో అబద్ధపు పద్దులు ఆ రెండే.

*

ఆ రాత్రి ఒక కాగితం మీద నాకోసం రాసుకున్నాను. యూపీఐలో పచ్చ టిక్కు పడితే 'పోయింది' అని తెలుస్తుంది. ఎవరి ఖాతాకు పోయిందో కూడా తెలుస్తుంది. 'ముట్టింది' అని మాత్రం తెలియదు. ముట్టింది అనాల్సింది ఇంటి హక్కుదారు. ఆయన అనకుండా అల్లుడి ఖాతాలో పడ్డ డబ్బు, రేపు కొడుకు పుణె నుంచి దిగి "నా తండ్రికి బాడుగ రాలేదే" అంటే, నా చేతిరాతలో ఉన్న ఇంకో నోటుబుక్కు.

ఓనరు బాడుగ ఇంకొకరికి ఇమ్మంటే తప్పు లేదు. భార్యకు, కూతురికి, ఎవరికైనా. కానీ ఆ మాట ఓనరు నోటి నుంచో చేతి నుంచో రావాలి: 'ఈ ఖాతాకు వేస్తే నాకు ముట్టినట్టే' అని, తేదీతో, ఒక్క వాక్యం. వాట్సాప్‌లో వచ్చినా ఏమీ లేనిదానికంటే మేలు, అదీ పాత నంబరు నుంచి వస్తే, మనమే ఫోన్ చేసి గొంతు విన్నాక. ఇందులో మోసగాళ్ల సంగతి వేరు. వాళ్ల విషయంలో గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే: డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన అవసరం ఎప్పుడూ ఉండదు. పొరపాటు జరిగిపోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. నా చిక్కు మోసగాడితో కాదు, తెలిసినవాడితో.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో బాడుగకున్నవాళ్ల మీద కొంచెం దయ ఉంది. ఇల్లు చేతులు మారిన సంగతి మనకు తెలియక పాత ఓనరుకే బాడుగ కట్టేస్తే, కొత్త ఓనరు మళ్లీ కట్టమనలేడు (109వ సెక్షన్). గడువు వచ్చిన బాడుగకే ఈ రక్షణ. ముందే ముట్టజెప్పిన మొత్తానికి దీని మీద ఆధారపడలేం. ఇక బాడుగ ఎవరికివ్వాలో నిజంగానే సందేహం ఉంటే? 1960 నాటి మన అద్దె నియంత్రణ చట్టం అప్పుడు అద్దె కంట్రోలరు దగ్గర జమ చేయమంది. ఓనరు తీసుకోనంటే ఏ బ్యాంకులో వేయాలో చెప్పమని నోటీసివ్వాలి. చెప్పకపోతే మనియార్డరు చేయాలి, కమిషన్ మినహాయించుకుని మరీ. ఆ కమిషన్ మినహాయింపు రాసిన గుమాస్తా ఎవరో గానీ, బాడుగింట్లోనే ఉండి ఉంటాడు. ఇప్పటికి చట్టాలు మారాయి, ఇప్పుడేది దారో ఊళ్లో లాయరునే అడగాలి. రసీదు అడగడం అవమానించడం కాదు, హక్కు అని అరవై ఏళ్ల కిందటి చట్టమే రాసిపెట్టిందన్నది మాత్రం నాకు ధైర్యమిచ్చింది.

మూడు లక్షల ఇరవైఐదు వేల సంగతి ఇంకా తేలిక. అసలైన భోగ్యం తనఖా కింద లెక్క. రిజిస్టరు కావాలి, ఓనరు సంతకం, ఇద్దరు సాక్షులు ఉండాలి. అల్లుడు ఓనరు కాదు. రాసేది పదకొండు నెలల అగ్రిమెంటే అంటున్నాడు. ఏడాది దాటిన లీజుకు రిజిస్ట్రేషన్ తప్పదు కాబట్టి అందరూ పదకొండు దగ్గర ఆగుతారు. పైగా క్యాష్. డిపాజిట్టైనా అప్పైనా ఇరవై వేలు, ఆపైన నగదుగా తీసుకోకూడదని ఆదాయపన్ను చట్టం చెబుతుంది. జరిమానా తీసుకున్నవాడికే. ఇచ్చినవాడికి జరిమానా లేదు, సాక్ష్యమూ లేదు.

*

శనివారం ఆదోని వెళ్లాను. సంచిలో టైపు చేయించిన కాగితం, ఒక స్టాంపు ప్యాడ్. ఆ ప్యాడ్ సంగతి ఇప్పుడు చెప్పుకోవాలంటే ఇబ్బందిగా ఉంది.

"ఇరవై ఏండ్లు నమ్మినాడు. నాయన పోతే బాడుగ వద్దన్యాడు. పడిపోయినంక కాగితం తీసుకోని పోతావా?" అంది అమ్మ. ఆమె రానంది. తర్వాత నా వెనకే వచ్చింది, చేతిలో బుక్కుతో.

దారిలో నాకు డికెన్స్ 'లిటిల్ డోరిట్' నవల గుర్తొచ్చింది. అందులో కాస్బీ అని నెరిసిన జుట్టుతో దేవుడిలా కనిపించే ఇంటి యజమాని. బాడుగలు పిండేది అతని మనిషి పాంక్స్. తిట్లన్నీ పాంక్స్‌కి, దండాలన్నీ కాస్బీకి. పిండమని వెనక నుంచి తోసేది కాస్బీనే అని చాలా ఆలస్యంగా తెలుస్తుంది. నేను కూడా తాతను దేవుణ్ని, అల్లుణ్ని పాంక్స్‌ని చేసుకుని బస్సు దిగాను. ఇంట్లో అల్లుడు తాతకు నోరు తుడుస్తున్నాడు.

నా కాగితం చూసి ఆయన ముఖం మాడ్చుకున్నాడు. "తాత ఖాతా నడవడం లేదప్పా. సంతకం కలవడం లేదని బ్యాంకోళ్లు వాపసు చేస్తాండారు. మందులకు నా జేబులోంచి పెట్టుకుంటాండా. నీకేమో నా మీద అనుమానం." దానికి నా దగ్గర జవాబు లేదు. ఆయన చెప్పిందాంట్లో అబద్ధం ఏదీ లేకపోవచ్చు.

నేను తాత పక్కన కూర్చుని చదివి వినిపించాను. తల ఊపినట్టే అనిపించింది. స్టాంపు ప్యాడ్ తీసి ఆయన ఎడమ బొటనవేలు పట్టుకున్నాను. వేలు మెత్తగా, బరువుగా ఉంది. ఎటు తిప్పితే అటు తిరుగుతోంది.

"ఇడువప్పా" అంది అవ్వ, వంటింటి గడప నుంచి. "నువ్వు పట్టుకోని వేస్తే అది నీ గుర్తు. ఆయప్పది యెట్లయితాది?"

వదిలేశాను. పదిరోజుల కింద ఇదే గదిలో ఇదే వేలు ఇంకెవరైనా పట్టుకుని ఉంటే, దాన్ని ఏమని పిలిచేవాణ్నో నాకు తెలుసు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత నేను, వేరే ఏం చేయాలో తోచక, ఖాతా పుస్తకం చూపించమన్నాను. అల్లుడే బీరువా లోంచి తెచ్చాడు. మొదటి పేజీలో రెండు పేర్లున్నాయి. తాతది, అవ్వది. జాయింటు ఖాతా, ఇద్దరిలో ఎవరైనా తీసుకోవచ్చు. చెక్కుల మీద ఎప్పుడూ తాతే సంతకం చేయడంతో అవ్వ పేరు ఉందన్న సంగతి అవ్వతో సహా అందరూ మరచిపోయారు. సోమవారం అల్లుడే ఆమెను బండి మీద బ్యాంకుకు తీసుకెళ్లాడు. పాత సంతకం కలిసింది. అవ్వ పుట్టిల్లు సిరుగుప్ప, చదువు కన్నడంలో. సంతకమూ కన్నడమే.

లీజు వద్దన్నాం. అమ్మకు ఇప్పటికీ ఆ పందొమ్మిది వందల లెక్క మీద మనసు పోలేదు. ఆస్పత్రి ఖర్చుకని మూడు నెలల బాడుగ ముందే, పందొమ్మిది వేల ఐదు వందలు, జాయింటు ఖాతాకే పంపాను. ముందస్తు బాడుగకు రక్షణ లేదని పైన నేనే రాశాను. తెలిసే పంపాను. దానితో పాటు ఇంకో పదకొండు వేలు వేరేగా పంపాను. 2021లో బాడుగ ఐదు వేల ఐదు వందలు. నోట్‌లో 'జూన్, జులై 2021' అని రాశాను.

అమ్మ బుక్కు తీసుకెళ్లింది. అవ్వ మూడు నెలల ఎదుటా కన్నడంలో సంతకం పెట్టింది. పదకొండు వేల దగ్గరకు వచ్చేసరికి పేజీలు వెనక్కి తిప్పి చూసి పెన్ను కింద పెట్టేసిందట.

"ఈ నెలలవి ముట్టినాయని ఆయప్ప రాసిండాడు కదమ్మే. ముట్టిందే మల్ల ముట్టిందని యెట్ల రాసేది?"

ఆ పదకొండు వేలు నా ఖాతాకు తిరిగి వచ్చాయి. పంపింది అల్లుడి ఫోన్ నుంచి.