ఆ డబ్బాలో నేను కొట్టిన సున్నా

స్క్రీన్ మీద ఒక చిన్న డబ్బా. పక్కన ‘మీకు నచ్చినంత ఇవ్వండి’ అని ఉంది. కింద ఇంకో ముక్క: సున్నా అయినా పర్వాలేదు.

2021లో ఒక రాత్రి పదకొండింటికి, బెంగళూరులో నా రూములో పడుకుని, ఆ డబ్బాలో సున్నా కొట్టాను. ఈమెయిల్ అడిగింది. ఇచ్చాను. ఐదు పాటల ఆల్బమ్ నిమిషంలో ఫోన్‌లోకి దిగిపోయింది. ఆ పాటలు చేసింది బయటివాళ్లెవరో కాదు. మదనపల్లెలో ఇంజినీరింగ్ నాలుగేళ్లూ నా పక్క బెంచీలో కూర్చున్నవాడు, వాడి బ్యాండ్‌లోని ఇంకో ముగ్గురు.

‘మనోడే కదా’ అనుకున్నాను. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చి రెండేళ్లయింది. ఆ రాత్రి బిర్యానీకి పెట్టిన ఖర్చు 280 రూపాయలు.

నేను పాటలకు డబ్బులివ్వని మనిషినేం కాదు. మాది చౌడేపల్లె. బోయకొండ గంగమ్మ దగ్గరికి వచ్చినవాళ్లకు మా మండలం తెలిసే ఉంటుంది. నేను హైస్కూల్లో ఉన్నప్పుడు పాటలంటే మెమరీ కార్డే. పుంగనూరు బస్టాండు పక్కన మొబైల్ షాపులో 30 రూపాయలిస్తే కార్డు నిండా ఎక్కించేవాళ్లు. ఏ పాటలు కావాలని కూడా అడిగేవాళ్లు కాదు, ‘కొత్తవా, పాతవా, మిక్సా?’ అంతే. ఆ 30 కోసం వారం రోజులు బజ్జీలు మానేసిన రోజులున్నాయి. కాకపోతే అందులో పాట రాసినాయనకు గానీ, పాడినామెకు గానీ పైసా పోలేదు. ఆ సంగతి అప్పుడు నాకు తట్టనే లేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. ఆ 30 కూడా మిగిలిపోయింది.

‘నచ్చినంత ఇవ్వండి’ అనే మాట మొదటిసారి విన్నది హాస్టల్లో. ఒక సీనియర్‌కు రేడియోహెడ్ అంటే పిచ్చి. ఇంగ్లండ్ బ్యాండ్. 2003లో వచ్చిన ఆల్బమ్‌తో వాళ్లకు పాత రికార్డు కంపెనీతో ఒప్పందం అయిపోయింది. దాంతో 2007 అక్టోబర్ 10న ‘ఇన్ రెయిన్‌బోస్’ అనే ఆల్బమ్‌ను ఏ కంపెనీ లేకుండా నేరుగా తమ వెబ్‌సైట్లో పెట్టేశారు. ధర దగ్గర ఖాళీ డబ్బా. ఎంతో మీరే రాసుకోండి అన్నారు. డబ్బు ఇస్తే మాత్రం కార్డు ఖర్చుల కింద 45 పెన్నీలు అదనం. సున్నా కొడితే అదీ లేదు.

ఎంతమంది ఇచ్చారన్నది పెద్ద గొడవైంది. కామ్‌స్కోర్ అనే సంస్థ 62 శాతం మంది ఏమీ ఇవ్వకుండానే దించుకున్నారని లెక్క చెప్పింది. ఆ లెక్క తప్పని బ్యాండ్ కొట్టిపారేసింది. ఏదేమైనా తర్వాత సీడీ వేస్తే అటు బ్రిటన్‌లోనూ ఇటు అమెరికాలోనూ నంబర్ వన్ అయింది. అంటే ఊరికే దొరికినదాన్ని జనం మళ్లీ కొన్నారు. అయితే 2011లో వచ్చిన తర్వాతి ఆల్బమ్‌కు వాళ్లు మామూలుగా ధర పెట్టి అమ్మారు.

మన దేశంలో ఇండియన్ ఓషన్ ఇంకో అడుగు ముందుకేసింది. 2009 డిసెంబరులో ఆ బ్యాండ్ గాయకుడు, తబలా వాయించే ఆశీమ్ చక్రవర్తి చనిపోయారు. ఆయన గొంతు ఉన్న చివరి పాటలను 2010 నుంచి నెలకొకటి చొప్పున వెబ్‌సైట్లో ఉచితంగా ఇచ్చారు. ఆల్బమ్ పేరు ‘16/330 ఖజూర్ రోడ్’. ఢిల్లీ కరోల్‌బాగ్‌లో వాళ్లు ఏళ్ల తరబడి సాధన చేసిన ఇంటి అడ్రస్ అది.

రేడియోహెడ్‌కు, ఇండియన్ ఓషన్‌కు అప్పటికే పేరుంది. పాట ఊరికే ఇచ్చినా కచేరీకి జనం వస్తారు. పేరు లేని నలుగురు కుర్రాళ్ల సంగతేంటి? వాళ్ల కోసమే అన్నట్టు 2008లో బ్యాండ్‌క్యాంప్ అనే సైట్ మొదలైంది. పాట పెట్టుకోవచ్చు, కనీస ధర సున్నా అని పెట్టి ‘మీ ఇష్టం’ అనొచ్చు. డిజిటల్ అమ్మకాల మీద సైట్ 15 శాతం తీసుకుంటుంది. నా క్లాస్‌మేట్ ఆల్బమ్ పెట్టింది అందులోనే.

మన తెలుగులో ఆ డబ్బా పెట్టి అడిగేవాళ్లే తక్కువ. చౌరస్తా బ్యాండ్ ‘ఊరెళ్ళిపోతా మామా’ మీరూ వినే ఉంటారు. ఎక్కడ విన్నారు? యూట్యూబ్‌లో, ఊరికే. ఆ బ్యాండ్‌లో పాడిన రామ్ మిరియాల తర్వాత ‘జాతిరత్నాలు’లో ‘చిట్టి’ పాడారు, ‘డీజే టిల్లు’ టైటిల్ సాంగ్ చేశారు. మన దగ్గర దారి అదే. సొంత పాట అందరికీ ఊరికే ఇవ్వాలి, దాన్ని చూసి కాలేజీ ఫెస్ట్ వాళ్లో సినిమా వాళ్లో పిలవాలి. పిలుపు రాకపోతే? పొద్దున్నే ఆఫీసు క్యాబ్ ఎక్కాలి.

మావాడు అదే ఎక్కాడు.

2023లో మదనపల్లెలో మా ఫ్రెండ్ పెళ్లి. భోజనాలయ్యాక షామియానా కింద ఒకాయన నోట్‌బుక్ పెట్టుకుని చదివింపులు రాస్తున్నాడు. నేను 1,116 రాయించాను. వెనకే మావాడు కూడా రాయించి వచ్చి పక్కన కూర్చున్నాడు. అప్పటికి బ్యాండ్ ఆగిపోయి ఏడాది అయింది. గిటారు ఇంట్లో అటక మీద ఉందట.

ఉన్నట్టుండి నవ్వుతూ అన్నాడు. “రేయ్, నీకొకటి తెలుసునా? మా ఆల్బమ్ పెట్టిన రాత్రి ఫస్ట్ డౌన్‌లోడ్ నీదే.”

నాకు ఒళ్లు చల్లబడింది. “నీకెట్ల తెలుసు?”

“లిస్టులో మెయిల్ ఐడీ వస్తాది గదా. నీ పేరు చూసి నలుగురమూ ఎగిరినాం.”

“నేను సున్నా కొట్టినా గదరా.”

“అవును. అయితే ఏమి? విన్నావు గదా.”

నేను విన్నది రెండు పాటలు. మూడోది సగం.

ఏదో ఒకటి అనాలి కాబట్టి అడిగాను, “నేను ఓ వంద కొట్టింటే ఏమన్నా తేడా వచ్చేదా?”

కాసేపు ఆలోచించాడు. “దుడ్డు లెక్కలో ఏం లేదురా. స్టూడియోకే నలుగురం కలిసి లక్ష దాకా పెట్టినాం. నీ వంద ఏ మూలకు? ఇచ్చినోళ్లు ఏడు మంది. అందరూ ఫారినోళ్లే. అది తీసుకోని పోయి నాయనకు చూపిస్తే, ‘ముక్కూ మొగం తెలీనోళ్లు ఇచ్చినారు, సరే. నీ జతగాళ్లు ఎవురన్నా ఇచ్చినారా?’ అన్న్యాడు. నేనేం చెప్పేది?”

వాడు నన్ను దెప్పడానికి అనలేదు. అలాంటివాడు కాదు. ఐస్‌క్రీమ్ వచ్చింది, తిన్నాం. కానీ బెంగళూరు బస్సులో మొత్తం దారి నాకు మా అవ్వే గుర్తొచ్చింది.

మా వైపు భారతం అంటే పుస్తకం కాదు, తిరునాళ్ల. ధర్మరాజుల గుడి దగ్గర పద్దెనిమిది రోజులు పగలు హరికథ, రాత్రి వీధి నాటకం. అర్జునుడి వేషగాడు తపస్సు మాను ఎక్కుతాడు. చివరి రోజు దుర్యోధన వధ, సాయంత్రం అగ్నిగుండం. టికెట్ ఉండదు. గేటు ఉండదు. గోనెపట్టా పరుచుకుని ఎవరైనా కూర్చోవచ్చు. నాటకం నడుస్తుండగా మధ్యలో హార్మోనియం ఆగుతుంది. ఫలానా ఊరు, ఫలానా వారు, ఇంత రూపాయలు చదివించారని మైకులో చెప్తారు. పది రూపాయలు ఇచ్చినా పేరు చదువుతారు, వెయ్యి ఇచ్చినా చదువుతారు.

ఒక రాత్రి అవ్వ చెంగు ముడి విప్పి పది రూపాయలు ఇచ్చింది. అది నా ఐస్ ఫ్రూట్ డబ్బు. నేను ఏడుపు మొహం పెట్టాను. “అడగలేదు గదవ్వా, ఎందుకు ఇచ్చినావు?”

“చూసినాం గదా నాయనా. ఊరికే ఎట్ల లేచి వస్తాం?”

“మరి వాళ్లెవురూ ఇయ్యలేదే?” అని ముందు వరసలో ఉన్నవాళ్లను చూపించాను.

“లేనోళ్లు చూడొద్దా? వాళ్ల కోసరమే గదా టికెట్టు పెట్టలేదు” అంది.

ఆ మాటకు అర్థం నాకు పదిహేనేళ్ల తర్వాత, చింతామణి దాటాక బస్సులో తెలిసింది. ‘నచ్చినంత ఇవ్వండి’ అన్న డబ్బాలో సున్నా తప్పేం కాదు. ఆ సున్నాను కావాలనే పెట్టారు. హాస్టల్లో కార్డు లేని, నెలాఖరుకు రీఛార్జికే కటకటలాడే పిల్లాడి కోసం పెట్టారు. ఒకప్పుడు ఆ పిల్లాడిని నేనే. కానీ 2021లో నేను ఆ పిల్లాడిని కాను. జీతం వస్తున్నవాణ్ని వెళ్లి లేనివాళ్ల చోట్లో కూర్చున్నాను.

ఇంకో సంగతి కూడా తర్వాతే తెలిసింది. బ్యాండ్‌క్యాంప్‌లో ఉచిత డౌన్‌లోడ్ల కోసం కళాకారులకు నెలకు 200 క్రెడిట్లు ఇస్తారు. ఎవరైనా సున్నా కొట్టి తీసుకున్న ప్రతిసారీ అందులో ఒకటి తగ్గుతుంది. అయిపోతే కళాకారులే కొనుక్కోవాలి. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాడిని, ప్రతి డౌన్‌లోడ్ వెనక ఎక్కడో ఒక సర్వర్, దానికో బిల్లు ఉంటాయని నాకు తెలియంది కాదు. అయినా సున్నా అంటే ఎవరికీ ఖర్చు లేదనే అనుకున్నాను.

నాకు సాకులు కూడా ఉన్నాయి. అప్పట్లో నా కార్డుకు అంతర్జాతీయ చెల్లింపులు ఆపేసి ఉన్నాయి. 2020 మార్చి నుంచి రిజర్వ్ బ్యాంక్ నిబంధన ప్రకారం కొత్త కార్డులు అలాగే వస్తాయి, మనమే యాప్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. పేపాల్ కూడా 2021 ఏప్రిల్ 1 నుంచి మన దేశం లోపలి చెల్లింపులు మానేసింది. ఇవన్నీ నిజాలే. కానీ కార్డు ఆన్ చేసుకోవడం రెండు నిమిషాల పని. ఒక గేమ్ కొనడానికి ఆ తర్వాతి నెలలోనే ఆన్ చేసుకున్నాను.

ఇప్పుడు ఆ సాకు కూడా లేదు. 2007లో రేడియోహెడ్‌కు ఒక్క పౌండు పంపాలంటే దాదాపు సగం పౌండు కార్డు ఖర్చే. మన యూపీఐలో బ్యాంక్ ఖాతా నుంచి పది రూపాయలు పంపితే పది రూపాయలూ చేరతాయి. 2020 జనవరి నుంచి తీసుకునేవాళ్ల దగ్గర కూడా ఛార్జీ లేదు. చిన్న మొత్తాలు ఇవ్వడానికి ఇంతకంటే సులువైన దారి ఆ రోజు రేడియోహెడ్ అభిమానులకు లేదు. టీ కొట్టు దగ్గర రోజుకు నాలుగుసార్లు స్కాన్ చేస్తాం. పాట దగ్గర మాత్రం వేలు ఆగిపోతుంది.

అందుకే ఒక చిన్న అలవాటు చేసుకున్నాను. నెలకు 200 రూపాయలు పక్కన పెడతాను. ఆ నెలలో ఎక్కువసార్లు విన్న సొంత పాట ఎవరిదో చూసి, వాళ్లు డబ్బులు తీసుకునే దారి ఏదైనా పెట్టి ఉంటే అక్కడ ఇస్తాను. లేకపోతే షో టికెట్ కొంటాను. ఫ్రెండ్ బ్యాండ్ షోకి గెస్ట్ లిస్టులో పేరు పెట్టమని అడగడం మానేశాను. బ్యాండ్ వాళ్లకు కూడా ఒక మాట: అడగండి. వీడియో కింద ఒక క్యూఆర్ పెట్టండి. ఇచ్చినవాళ్ల పేరు తర్వాతి షోలో చదవండి. మా ఊరి నాటకం వాళ్లకు ఇందులో సిగ్గు లేదు, మీకెందుకు?

ఇక మావాడి ఆల్బమ్. అది ఇంకా అక్కడే ఉంది. పెళ్లి నుంచి వచ్చిన రాత్రి మళ్లీ ఆ పేజీ తెరిచాను. అదే డబ్బా. డాలర్లలో అడిగింది. మన లెక్కలో ఐదొందల పదహార్లకు కాస్త అటూ ఇటూ వచ్చేట్టు కొట్టాను. మెసేజ్ రాసుకునే చోటు ఉంటే ‘ఆలస్యమైంది’ అని రాశాను. తర్వాత ఐదు పాటలూ వరసగా విన్నాను. ఐదోది బాగుంది. ఆ పాట అంత బాగుంటుందని రెండేళ్లుగా నాకు తెలియదు.

పొద్దున్నే మావాడి నుంచి వాట్సాప్. ముందు ఒక బూతు. తర్వాత: “స్క్రీన్‌షాట్ నాయనకు పంపించినా.”

“ఏమన్న్యాడు?”

చాలాసేపు టైపింగ్ అని చూపించింది. ఆఖరికి ఒక్క లైన్ వచ్చింది.

“ఎవురబ్బా ఈ పిల్లోడు అని అడిగినాడు. చౌడేపల్లె అని చెప్పి, నీ పేరు చెప్పినా.”