నారాయణఖేడ్ నేలలో ఉంగరం జారితే...

హైదరాబాదు నుంచి సంగారెడ్డి, జోగిపేట మీదుగా బస్సులో వంద కిలోమీటర్లు దాటారంటే చాలు, చెవిన పడే మాటల తీరే మారిపోతుంది. ముందు సీట్లో తెలుగు, వెనక సీట్లో కన్నడం, కిటికీ పక్క మరాఠీ, మధ్యమధ్య ఉర్దూ. అదే నారాయణఖేడ్! 1956 దాకా ఇది బీదరు జిల్లాలో ఒక తాలూకా. రాష్ట్రాల పునర్విభజనలో మెదక్ జిల్లాలో కలిసింది. 2016లో సంగారెడ్డి జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది. అందుకే ఇక్కడి ఆడవాళ్ళు ఒకే వాక్యంలో రెండు భాషలు కలిపేసినా ఎవరూ వింతగా చూడరు.

"అక్కడ చూడ్డానికి ఏముందండీ?" అంటారా? నేల ఉంది! ఒక చోట నల్లరేగడి, ఇంకొంచెం దూరం వెళితే ఎర్రని మొరం నేల. జొన్న, కంది, పత్తి చేలు. చేల అంచున తండాలు. వెండి నగలు, అద్దాల పని రవికలతో లంబాడీ ఆడవాళ్ళు. ఎండాకాలం వెళ్ళి చూడండి, రేగడి నేల నోళ్ళు తెరుచుకుని ఉంటుంది. ఆ బీటల్లో మన చెయ్యి దూరుతుంది. ఇక ఉంగరం జారితే ఏమవుతుందో ఊహించుకోండి!

ఉంగరం పోవడం మనకి కొత్తా చెప్పండి? శకుంతల చేతి ఉంగరం నీళ్ళలో జారితే చేప మింగింది. దానికోసం ఆ పిల్ల ఎంత కష్టపడింది! మన ఉంగరాలు మాత్రం ఎక్కువగా పిండిలో, సబ్బు నీళ్ళలో, చేలో పోతుంటాయి. జొన్నరొట్టె తట్టేటప్పుడు పిండి అంటుకుంటుందని తీసి పక్కన పెడతాం. పత్తి ఏరేటప్పుడు కాయ ముక్కు గీరుకుంటూ వేలు లాక్కుంటాం. చలికాలం చన్నీళ్ళలో వేళ్ళు సన్నబడతాయి, ఉంగరం వదులవుతుంది. సాయంత్రం చూసుకుంటే బోసి వేలు!

అసలు బాధ ఆ తర్వాతే మొదలవుతుంది. "ఇంట్లోకి ఎవరొచ్చారు? చేలో పక్కన ఎవరున్నారు?" అని మొదటి ప్రశ్న. వేళ్ళన్నీ పనిమనిషి మీదికో, కూలికొచ్చిన తండా అమ్మాయి మీదికో వెళతాయి. ఇంకెవరో అంజనం వేయిద్దామంటారు. అంజనంలో కనిపించిందని ఒక పేరు బయటికొచ్చిందా, ఇక ఆమెకి ఆ ఊళ్ళో పని దొరకదు. తీరా నెల తర్వాత ఉంగరం పెంటకుప్పలో దొరికితే, పోయిన పరువు తిరిగి తెచ్చివ్వగలమా? అందుకే, ముందు మనుషుల్ని కాదు, మట్టిని వెతకండి. మట్టిని అడగడానికి మెటల్ డిటెక్టర్ అనే సాధనం ఉంది.

ఇది ఎలా పనిచేస్తుంది?

కర్ర చివర పళ్ళెంలాంటి భాగంలో తీగచుట్ట ఉంటుంది. అందులో అటూ ఇటూ మారే కరెంటు పారుతుంటే చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. దాని కింద లోహం ఉంటే, ఆ లోహంలో కూడా చిన్న కరెంటు పుడుతుంది. ఆ తేడాని పసిగట్టి పరికరం 'కుయ్‌' మంటుంది. ఇది కొత్త విద్యేమీ కాదు. 1881లో అమెరికా అధ్యక్షుడు గార్‌ఫీల్డ్ ఒంట్లో దిగిన తుపాకి గుండుని ఇలాగే వెతకాలని, టెలిఫోను కనిపెట్టిన గ్రాహంబెల్ ప్రయత్నించాడు. పరుపులోని ఉక్కు స్ప్రింగులు అడ్డుపడ్డాయి. గుండు దొరకలేదు. చుట్టుపక్కల వేరే లోహం ఉంటే వెతుకులాట చెడుతుందని మనకి అక్కడే పాఠం దొరికింది.

నారాయణఖేడ్ లాంటి చోట ఇంకో చిక్కు కూడా ఉంది. ఆ ఎర్ర మొరంలో ఇనుము ఎక్కువ. నల్లరేగడి కూడా అయస్కాంత గుణమున్న ఖనిజాలు కలిసిన రాతి నుంచి పుట్టిందే. కాబట్టి నేలే కుయ్‌కుయ్‌ మంటుంది! అందుకని ముందుగా ఆ నేలకి తగ్గట్టు పరికరాన్ని సరిచేసుకోవాలి. బంగారాన్ని అయస్కాంతం లాగదు, కాబట్టి అయస్కాంతం కట్టి తిప్పితే మేకులే వస్తాయి, ఉంగరం రాదు. పైగా చిన్న ఉంగరమైతే జానెడు లోతు దాటాక దాని జాడ తెలియడం కష్టం.

వెతికే పద్ధతి

పోయిందని తెలియగానే ఆ మడిలో నాగలి దించకండి, నీళ్ళు పెట్టకండి, ఊడవకండి. చివరిసారి ఉంగరం ఎక్కడ చూశారో గుర్తు తెచ్చుకుని, నాలుగు కర్రలు పాతి తాడు కట్టండి. అలాంటి ఉంగరమే ఇంకొకటి తీసుకుని అదే నేలలో బెత్తెడు లోతున పెట్టి, పరికరం ఎలా కూస్తుందో విని పెట్టుకోండి. తీగచుట్టని నేలకి దగ్గరగా, నెమ్మదిగా, ఒక వరస మీద ఇంకో వరస కొంచెం పడేలా తిప్పండి. గడియారం, గాజులు తీసేయాలి. మెట్టెలు తీయడం ఇష్టం లేకపోతే మగవాళ్ళని తిప్పమనండి. మీ కాలిమెట్టె చాలు, పరికరం గోల పెట్టడానికి!

కూసిన ప్రతిసారీ సంబరపడకండి. ఎడ్ల నాడాలు, సీసా మూతలు, అల్యూమినియం కాగితం కూడా కూస్తాయి. ఆ కాగితం కూత ఉంగరం కూతలాగే ఉంటుంది, అందుకని తవ్వి చూడక తప్పదు. గడ్డపార వద్దు. చేత్తో మట్టి తీసి జల్లెడలో జల్లించండి. గుళ్ళ దగ్గర ఒంటిమీద తిప్పే చేతికర్ర రకానికి లోతు అందదు గానీ, పెంటకుప్పని, గడ్డివామిని కొంచెం కొంచెంగా పరిచి చూసుకోవడానికి పనికొస్తుంది.

ఇంకో మాట. ఈ పరికరం చూడగానే ఊరివాళ్ళు "గుప్తనిధుల కోసం వచ్చారు" అనుకుంటారు. అందుకే చేను మనది కాకపోతే ఆసామిని అడిగి, ఊరి పెద్దలకి ముందే చెప్పి మొదలుపెట్టండి. పాత కోటలు, గుళ్ళ దగ్గర ఈ పని అస్సలు వద్దు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం, నేలలో దాగిన పది రూపాయలకి మించిన నిధి దొరికితే కలెక్టరుకి తెలియజేయాలి. మీ ఉంగరం నిధి కాదు, కానీ వెతుకుతుంటే ఏదైనా పాత కుండ తగిలితే ఆ మాట మర్చిపోవద్దు.

ఎంత వెతికినా దొరకలేదా? స్వీడన్‌లో ఒకావిడ 1995లో క్రిస్మస్ పిండివంటలు చేస్తూ పెళ్ళి ఉంగరం తీసి పెట్టింది. అంతే, మాయం! ఇంట్లో నేల మార్చేటప్పుడు కూడా వెతికారు, లేదు. 2011లో పెరట్లో క్యారెట్లు పీకుతుంటే ఒక చిన్న క్యారెట్‌కి తొడిగినట్టుగా ఆ ఉంగరం! కూరగాయల తొక్కలతో కలిసి ఎరువులోకి వెళ్ళి ఉంటుందని వాళ్ళు అనుకున్నారు. చూశారా, పదహారేళ్ళూ దాన్ని మట్టే దాచింది. ఏ మనిషీ దొంగిలించలేదు.

ఈసారి నారాయణఖేడ్ వైపు వెళితే వేడివేడి జొన్నరొట్టె తినండి. తట్టడం కూడా నేర్చుకోండి. తట్టేముందు ఉంగరాన్ని మాత్రం మంగళసూత్రానికి పిన్నుతో తగిలించుకోండి. మీ బంగారం మీ దగ్గరే ఉంటుంది, పక్కనున్న ఆడమనిషి తలెత్తుకునే ఉంటుంది.