సామాను దగ్గర ఎవరుంటారు?

మా ఇంట్లో ఏ ఊరెళ్ళాలన్నా సూట్‌కేసు కంటే ముందు ఎక్సెల్ షీటు తెరుచుకుంటుంది. అది మావారి అలవాటు. ఈ వేసవిలో తెరిచిన షీటుకి ఆయన పెట్టిన పేరు ‘డెల్స్’. అంటే విస్కాన్సిన్ డెల్స్. షికాగో చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళకి ఆ ఊరి గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. స్కూళ్ళు మూసేయగానే పిల్లలు పాడే మొదటి పాట అదే. మేం మాత్రం “వచ్చే ఏడు చూద్దాం” అంటూ ఎప్పటికప్పుడు వాయిదా వేస్తూ వచ్చాం. ఈసారి నరసరావుపేట నుంచి అమ్మ వచ్చి ఉంది. నాన్న పోయిన రెండేళ్ళకి, ఎన్నో ఫోన్ల తర్వాత, ఒప్పుకుని వచ్చింది. అక్టోబర్లో తిరుగు ప్రయాణం. ఈలోపే అందరం కలిసి వెళ్ళాలని తీర్మానించాం.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. డెల్స్ జనాభా మూడు వేలు కూడా ఉండదు. కానీ ప్రపంచానికి వాటర్ పార్కుల రాజధాని తానేనని చెప్పుకుంటుంది. ఆరుబయట ఉండే ‘నోవాస్ ఆర్క్’ 1979లో మొదలైంది. విస్కాన్సిన్‌లో ఎండ ఉండేదే మూడు నెలలు, మిగతా కాలం హోటల్ గదులు ఖాళీ. అందుకని 1994లో ఒక రిసార్టు వాళ్ళు వాటర్ పార్కునే తీసుకెళ్ళి కప్పు కింద పెట్టారు. తర్వాత ఒకరిని చూసి ఒకరు కట్టుకుంటూ పోయారు. ఇప్పుడు బయట మోకాలి లోతు మంచు ఉన్నా లోపల పిల్లలు లాగుల మీద నీళ్ళల్లో ఎగురుతుంటారు.

మా ఊరి నుంచి దాదాపు 200 మైళ్ళు. రాక్‌ఫర్డ్, మాడిసన్ మీదుగా మూడు గంటల పైచిలుకు ప్రయాణం. దూరం సమస్య కాదు. సమస్యంతా గదుల దగ్గరే. శని, ఆదివారాల్లో రేటు ఒకటి, సోమ, మంగళవారాల్లో ఇంకొకటి. దాని మీద పన్ను, దాని మీద రిసార్టు ఫీజు. గదితో పాటే వాటర్ పార్కు ప్రవేశం కలిపి ఇస్తారు కాబట్టి తల లెక్కన చేతి పట్టీలు. నీళ్ళల్లోకి దిగినా దిగకపోయినా లెక్క లెక్కే. “ఇది పెళ్ళి భోజనం లాంటిది, తిన్నా తినకపోయినా విస్తరికి లెక్క కట్టేస్తారు” అన్నారు మావారు.

మూడు రాత్రులకి వెయ్యి డాలర్లు దాటింది. ఆ మాట అమ్మ చెవిన పడకూడదనుకుంటూనే వంటింట్లో అనేశాను. చారులో పోపు పెడుతున్న అమ్మ గరిటె ఆపి, పెదాలు కదుపుతూ ఎనభై అయిదుతో గుణించుకుంది.

“నీళ్ళల్లో ఆడుకోడానికా అమ్మాయ్ అంత డబ్బు?” అంది. ఇంకేం అనలేదు.

పిల్లల గొడవ వేరు. మా అమ్మాయికి పన్నెండేళ్ళు, ఏ స్లైడు ఎంత ఎత్తో కంఠతా వచ్చు. వాడికి ఏడేళ్ళు. పెద్ద స్లైడ్లు చాలావాటికి 48 అంగుళాల ఎత్తుండాలి. వీడు తలుపు పక్కన పెన్సిల్ గీత పెట్టించుకుని చూస్తే నలభై ఏడున్నర. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే లేచి గీత దగ్గర నిలబడటం, అమ్మమ్మని అడిగి మరీ రెండో గ్లాసు పాలు తాగడం. అమ్మ కూడా “ఇవాళ కాస్త పెరిగావురా” అని వాడి మనసు నిలబెడుతూ వచ్చింది.

ఒక రాత్రి పిల్లలు టీవీలో ఆ రిసార్టు వీడియోలు పెట్టారు. గొట్టాల్లోంచి జనం జారి దబ్బున నీళ్ళల్లో పడుతున్నారు. అమ్మ కాసేపు చూసి చూపు తిప్పుకుంది. పిల్లలు లేచి వెళ్ళాక మెల్లగా అంది.

“మీరు వెళ్ళి రండే. నేను ఇంట్లో ఉంటా. ఆ బట్టల్లో అంతమంది మధ్యన, అల్లుడుగారి ముందు, నేనెక్కడ కూర్చునేది? మొక్కలకి నీళ్ళు పోస్తా. పక్కింటి పంజాబీ ఆవిడ ఉందిగా, నాకేం భయం లేదు.”

ఇక్కడ నిజం చెప్పాలి. ఆ మాట వినగానే ముందు నాకు ప్రాణం తేలికపడింది. ఒక పట్టీ డబ్బు మిగులుతుంది. గదిలో అయిదుగురు సర్దుకోవాల్సిన పని లేదు. ఏం తింటుంది, ఎక్కడ కూర్చుంటుంది అనే బెంగ లేదు. “అదేంటమ్మా, నువ్వు రాకపోతే ఎలా?” అని పైకి అన్నాను. అన్నాననే గానీ ఆ మాటలో బలం లేదు. అమ్మకి అది తెలియకపోతుందా? నలభై ఏళ్ళకు పైగా నా గొంతు వింటున్న మనిషి.

మర్నాడు మా అమ్మాయి లాప్‌టాప్ ముందు కూర్చుని ఆ షీటు చూస్తోంది. ఒక్కొక్కరికి ఒక్కో గడి, పూటపూటకీ ఎవరు ఎక్కడ ఉండాలో రాసి ఉంది. దాని గడిలో స్లైడ్ల పేర్లు, వాడి గడిలో చిన్నపిల్లల కొలను, లేజీ రివర్.

“అమ్మా, అమ్మమ్మ గడిలో మూడు రోజులూ ‘రెస్ట్, రెస్ట్, రెస్ట్’ అనే ఉందేంటి? అమ్మమ్మకి ఒంట్లో బాగాలేదా?”

ఆ గడి నింపింది మావారు కాదు, నేనే. అమ్మ ‘రాను’ అనడానికి వారం ముందే నింపేశాను.

సమాధానం చెప్పలేక, ఆ ఊళ్ళో వాటర్ పార్కులు కాక ఇంకేం ఉన్నాయో వెతకడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది, ఆ ఊరికి జనం వచ్చింది మొదట స్లైడ్ల కోసం కాదని. విస్కాన్సిన్ నది అక్కడ ఇసుకరాతి కొండల మధ్య ఇరుకుగా, మెలికలు తిరుగుతూ పోతుంది. మంచుయుగం చివర్లో ఒక పెద్ద సరస్సు కట్ట తెగి, ఆ నీళ్ళు ఉరికి రాయిని అలా కోసేశాయట. ఆ కొండలని ఊరూరా చూపించింది హెన్రీ బెన్నెట్ అనే ఫొటోగ్రాఫర్. 1886లో ఆయన తీసిన ఒక ఫొటో ఉంది. స్టాండ్ రాక్ అనే స్తంభం లాంటి రాయి మీదకి ఆయన కొడుకు పక్క కొండ మీంచి దూకుతుంటాడు. మధ్యలో ఖాళీ, కింద లోయ, కుర్రాడు గాల్లో. మనుషులు కదిలితే బొమ్మ చెదిరిపోయే ఆ రోజుల్లో, తనే సొంతంగా షట్టర్ తయారు చేసుకుని మరీ తీశాడు. ఇప్పటికీ బోట్లో తీసుకెళ్ళి ఆ రాయి చూపిస్తారు. ఇప్పుడు దూకేది మనిషి కాదు, శిక్షణ ఇచ్చిన కుక్క.

ఆ ఫొటో అమ్మకి చూపించాను. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

“కన్నతండ్రేనా దూకించింది?” అని ముందు ఆయన్ని నాలుగు తిట్టింది. తర్వాత నది ఫొటోలు ఒక్కొక్కటే జరుపుతూ ఒకచోట ఆగింది. రెండు కొండల మధ్య బోటు.

“ఇదేంటే, మన సాగర్‌లా ఉందీ? లాంచీ కూడా ఉందా?”

‘లాంచీ’ అనే మాట విని ఎన్నేళ్ళయిందో! ఆ మాటతో పాటే 1990 సంక్రాంతి సెలవులు గుర్తొచ్చాయి.

నాన్న స్కూల్లో పనిచేసే మూడు కుటుంబాల వాళ్ళం నాగార్జునసాగర్ బయల్దేరాం. నాకు ఎనిమిదేళ్ళు, తమ్ముడికి మూడు. అమ్మ తెల్లవారుజామున మూడింటికే లేచి ఇరవైమందికి పులిహోర కలిపింది, దద్దోజనం చేసింది. మాచర్ల మీదుగా వెళ్ళి, ఎత్తిపోతల దగ్గర దిగి చూసి, మధ్యాహ్నానికి విజయపురి సౌత్‌లో లాంచీల రేవు చేరాం. నాగార్జునకొండకి వెళ్ళాలంటే అక్కడే ఎక్కాలి. తీరా ఎక్కేముందు చూస్తే కుప్పలా సామాను. గిన్నెలు, క్యాన్లు, దుప్పట్లు. తమ్ముడికేమో ఒళ్ళు వెచ్చగా ఉంది. “సామాను దగ్గర ఎవరుంటారు?” అని ఎవరో అడిగారు. నాన్న అమ్మ వైపు చూశారు. అమ్మ నవ్వుతూ అంది, “మీరు వెళ్ళి రండి.”

మేం వెళ్ళాం. కొండ మీద మ్యూజియం, బుద్ధుడి విగ్రహాలు చూశాం. డ్యామ్ నీళ్ళల్లో మునిగిపోతాయని కింద లోయలోంచి పైకి తెచ్చి పెట్టారని నాన్న క్లాసులో లాగా చెప్పారు. తిరిగొచ్చేసరికి పొద్దు వాలింది. అమ్మ చెట్టు కింద తమ్ముడిని ఒళ్ళో వేసుకుని కూర్చునే ఉంది. నేను పరిగెత్తుకెళ్ళి చూసిందంతా గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అంతా విని “పులిహోర అందరికీ సరిపోయిందా?” అని అడిగింది. “నిన్ను మళ్ళీ తీసుకొస్తాలే” అన్నారు నాన్న. ఆయన నిజంగానే అనుకుని ఉంటారు. కానీ చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు, మా చదువులు, ఇంటి అప్పు. నరసరావుపేట నుంచి సాగర్ ఎంత దూరం గనక? పొద్దున వెళ్తే రాత్రికి తిరిగి రావచ్చు. ఆ ఒక్క రోజు వాళ్ళిద్దరికీ దొరకనే లేదు. ఇప్పుడు తీసుకెళ్తానన్న మనిషే లేరు.

“అమ్మా, నువ్వు లాంచీ ఎక్కావా ఎప్పుడైనా?” అని అడిగాను, తెలిసి కూడా.

“ఎక్కడే! ఆ రోజు తమ్ముడికి జ్వరం కదా” అంది ఫొటోలు జరుపుతూనే. నిష్ఠూరం లేదు. నిన్నగాక మొన్న జరిగిందాని గురించి చెప్పినట్టే చెప్పింది.

ఆ రాత్రి మావారితో కూర్చుని షీటు మొత్తం కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టాను. మూడు రాత్రులు రెండు చేశాం. చేస్తే తెలిసిందేమిటంటే, మేం చూసిన రిసార్టులో గది సాయంత్రం నాలుగింటికి ఇచ్చినా పార్కులోకి ముందే వెళ్ళొచ్చు, ఖాళీ చేసిన రోజూ పార్కు మూసేదాకా ఉండొచ్చు. అంటే రెండు రాత్రులకే మూడు రోజుల ఆట. ఆదివారం వెళ్ళి మంగళవారం వచ్చేస్తే రేటూ తగ్గింది. రిసార్టుకి ఫోన్ చేసి, నీళ్ళల్లో దిగనివాళ్ళు చీరలో కుర్చీల దగ్గర కూర్చోవచ్చా అని అడిగాను. నిక్షేపంగా కూర్చోవచ్చన్నారు. ఇంత చిన్న ఫోను చేయడానికి నాకు నెల పట్టింది.

మిగిలిన డబ్బుతో అప్పర్ డెల్స్ బోటుకి అయిదు టికెట్లు తీసుకున్నాం. రెండు గంటల పైన తిప్పుతారు, రెండుచోట్ల దింపుతారు. స్టాండ్ రాక్ ఒకటి, కొండల సందులో చెక్కబాట మీద నడిచే విచెస్ గల్చ్ ఒకటి. మొదటి రోజు మొదటి పని అదే. వాటర్ పార్కు ఆ తర్వాతే.

వాడు ఒప్పుకోలేదు. “బోటు బోరు. ముందు స్లైడ్లు” అని కాళ్ళు నేలకేసి కొట్టాడు. కుక్క దూకే సంగతి వాళ్ళక్క చెప్పాక ఏడుపు ఆపి, “ఎంత దూరం దూకుతుంది? నా ఎత్తు కంటే ఎక్కువా?” అని టేపు పట్టుకొచ్చాడు. సుమారు అయిదడుగులంటే అరవై అంగుళాలు. తన గీత పక్కనే కుక్కకి కూడా ఒక గీత గీసుకున్నాడు.

అమ్మకి చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. “టికెట్లు తీసేశాం, డబ్బు వెనక్కి రాదు” అన్నాను. అబద్ధమే. ఇంకేం చెప్పినా వినదు. వృథా అవుతుందంటే మాత్రం ఆగలేదు. “ముందే అడగాల్సింది కదే” అని విసుక్కుని, పెట్టె తెరిచి, వచ్చేటప్పుడు కట్టుకున్న ఆకుపచ్చ వెంకటగిరి చీర తీసి ఇస్త్రీకి పెట్టింది.

రేపు ఉదయం ఆరింటికి ప్రయాణం. అయిదుగురికి పులిహోర తను కలుపుతానంటే ఈసారి నేను ఒప్పుకోలేదు. చింతపండు నేనే నానబెట్టాను. ఉప్పు మాత్రం చూసి పెట్టమన్నాను. కారులో రైస్ కుక్కర్, అయిదు తువ్వాళ్ళు, ఆవకాయ సీసా, పిల్లల గాగుల్స్ చేరాయి.

రాత్రి పడుకోబోతూ అమ్మ మా గది గుమ్మం దగ్గరికొచ్చి నిలబడింది.

“అమ్మాయ్, గది నాలుగింటికి గానీ ఇవ్వరన్నావు కదా. పొద్దున మనం లాంచీ ఎక్కితే ఈ సామానంతా ఎవరు చూస్తారే? నేను కింద కూర్చుంటాలే.”

“కారులో పెట్టి తాళం వేస్తామమ్మా” అన్నాను.

“ఓహో, తాళం వేస్తారా” అంది. కాసేపు అక్కడే నిలబడి, “అయితే సరే” అంటూ వెళ్ళి లైటు తీసేసింది.