గ్రాండ్ కేనియన్‌కు ఫ్రిజ్‌తో ప్రయాణం

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లివచ్చినవాళ్లు మన కుటుంబాల్లో ఇప్పుడు చాలామందే ఉన్నారు. నయాగరా చూసినవారు, డిస్నీలాండ్ చూసినవారు ఎంతో చక్కగా రాస్తున్నారు. నేను రాయబోయేది మాత్రం కారు వెనక కట్టుకుని లాక్కెళ్లే ఒక చిన్న ఇంటి గురించి, ఆ ఇంట్లో ఉన్న ఫ్రిజ్ గురించి. గ్రాండ్ కేనియన్ వంటి వింత చూసివచ్చి ఫ్రిజ్ గురించి రాయడమేమిటని నవ్వుకోకండి. ఇంట్లో ఇన్సులిన్ వాడేవారుంటే నా మాట ఇట్టే అర్థమవుతుంది.

మావారికి ఇన్సులిన్ మొదలైన దగ్గర్నుంచి ఆయన ప్రయాణాలు మానేశారు. బరంపురం నుంచి పూరీ వెళ్లినా రాత్రికి ఇల్లు చేరాల్సిందే. కాశీ వెళదామని నేను ఎన్నిసార్లు అన్నా, "మందు పాడైతే ఎక్కడ వెతుక్కుంటాం? మీరు వెళ్లిరండి" అనేవారు. నన్నొక్కదాన్నీ పంపడానికి సిద్ధమే గాని తాను కదిలేవారు కాదు. అమెరికా రావడానికి ఒప్పించడమే గగనమైంది. విమానంలో అయితే కొన్ని గంటల పని, దిగగానే అమ్మాయి ఇంట్లో ఫ్రిజ్ ఉంటుంది అని నచ్చజెప్పాం.

2019 జూన్‌లో ఫీనిక్స్‌లో ఉన్నాం. గ్రాండ్ కేనియన్‌ని జాతీయ పార్కుగా ప్రకటించి ఆ ఏడాదికి సరిగ్గా వందేళ్లు. అల్లుడు ఒక ట్రైలరు అద్దెకు తెస్తానన్నాడు. ఎనిమిది రోజుల ప్రయాణం. మావారు యథాప్రకారం, "మీరు వెళ్లిరండి, నేను ఇంట్లో ఉంటాను" అన్నారు. అల్లుడు నవ్వి, "మావయ్యగారూ, ఫ్రిజ్ సంగతి నాకు వదిలేయండి. అది చల్లగా ఉండదనిపిస్తే నేనే ఆగిపోతాను" అన్నాడు. అప్పటికి మా మనవరాలికి పదకొండేళ్లు. "తాతయ్యా, నేను రోజూ డిగ్రీలు రాస్తాను" అని ఒక నోటుపుస్తకం తెచ్చి కూర్చుంది. తాతగారు ఇంకేమంటారు?

ట్రైలరంటే చక్రాల మీద ఒంటి గది. మంచాలు, పొయ్యి, సింకు, స్నానాలగది, ఫ్రిజ్ అన్నీ అందులోనే. ఆ ఫ్రిజ్ మన ఇళ్లలోలాంటిది కాదు. మన ఫ్రిజ్‌లో కంప్రెసరు ఉంటుంది, కరెంటు లేకపోతే అది పనిచేయదు. ట్రైలరు ఫ్రిజ్ వేడితో చల్లబడుతుంది! గొట్టాల్లో అమ్మోనియా, నీళ్లు, హైడ్రోజను ఉంటాయి. కింద చిన్న గ్యాసు మంటగాని, కరెంటు కాయిలుగాని వేడిచేస్తే అమ్మోనియా ఆవిరై పైకి వెళ్లి, చల్లారి ద్రవమై, మళ్లీ ఆవిరయ్యేటప్పుడు లోపలి వేడిని లాక్కుంటుంది. కదిలే భాగం ఒక్కటీ లేదు, చప్పుడూ లేదు. 1922లో స్వీడన్‌లో వాన్ ప్లాటెన్, మున్టర్స్ అనే ఇద్దరు విద్యార్థులు దీన్ని కనిపెట్టారట. ఐన్‌స్టీన్ కూడా సిలార్డ్‌తో కలిసి ఇటువంటి ఫ్రిజ్‌కి 1930లో అమెరికాలో పేటెంటు పొందాడు.

ఈ ఫ్రిజ్‌తో వచ్చిన చిక్కేమిటంటే, చల్లబడడానికి దానికి చాలా సమయం కావాలి. మన ఫ్రిజ్‌లా గంటా రెండు గంటల్లో అందుకోదు. అందుకని అల్లుడు బయలుదేరే ముందురోజు ఉదయమే ట్రైలరుని ఇంటి ముందు నిలిపి, ఇంటి కరెంటు తగిలించి ఫ్రిజ్ వేశాడు. ఖాళీ ఫ్రిజ్ అర్ధరాత్రికి గాని దారికి రాలేదు. అందులో పెట్టేవన్నీ ముందు ఇంటి ఫ్రిజ్‌లో చల్లబరిచాం. ఇడ్లీ పిండి, పెరుగు, కొబ్బరిపచ్చడి, కోసిన కూరలు ఏవీ వెచ్చగా అందులోకి వెళ్లలేదు. నీళ్ల సీసాలు నాలుగు గడ్డకట్టించి నాలుగు మూలలా పెట్టాం. సామాను నిండుగా ఉండాలి గాని గాలి తిరగడానికి సందులు కూడా ఉండాలట. లోపల బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను, ఒక థర్మామీటరు పెట్టాం. ఆ థర్మామీటరు అంకెలు కారులో మనవరాలి చేతిలో ఉన్న చిన్న డబ్బాలో కనిపిస్తాయి.

ఇన్సులిన్‌కి కావలసింది 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్, అంటే ఆ దేశపు లెక్కలో 36 నుంచి 46 ఫారన్‌హీట్. పాలకీ కూరలకీ 40 దాటకూడదు. అంటే 36కీ 40కీ మధ్య నిలబెట్టాలి. వాడుతున్న సీసా మాతోనే కారులో, చేతిసంచిలో ఉంది. మూతతీయని రెండు సీసాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి.

తెల్లవారుజామున నాలుగున్నరకి బయలుదేరాం. పగలు ఫీనిక్స్‌లో 43 డిగ్రీల సెల్సియస్ ఎండ. అది ముదరకముందే కొండ ఎక్కాలని అల్లుడి ఆలోచన. దారిలో గ్యాసు మంట వెలిగించే ఫ్రిజ్ నడిపేవారున్నారు, ప్రమాదం జరిగితే నిప్పు అంటుకుంటుందని కట్టేసేవారూ ఉన్నారు. పెట్రోలు బంకుల్లో ఎలాగూ ఆర్పాలి. కొన్ని సొరంగాల్లో గ్యాసు గురించి వేరే నిబంధనలు ఉంటాయి. అల్లుడు కట్టేసే పక్షం. "నాలుగైదు గంటలు తలుపు తీయకపోతే చాలు అత్తయ్యగారూ, అదే ఓర్చుకుంటుంది" అన్నాడు. దాంతో ఫ్రిజ్ తలుపుకి నేను కాపలా. దారిలో తాగడానికీ తినడానికీ కావలసినవన్నీ వేరే ఐసుపెట్టెలో కారులో పెట్టుకున్నాం.

ఫీనిక్స్ సుమారు 1,100 అడుగుల ఎత్తు. 145 మైళ్లు వెళితే ఫ్లాగ్‌స్టాఫ్ 6,900 అడుగులు. చేతులెత్తి నిలుచున్న సాగ్వారో ముళ్లచెట్లు వెనకబడిపోయి పైన్ అడవులు వచ్చేస్తాయి. బయలుదేరినప్పుడు 36, సగం దారిలో 37, ఫ్లాగ్‌స్టాఫ్‌లో 38 అని మనవరాలు చదువుతుంటే, ముందు సీట్లోంచి మావారు ప్రతిసారీ "మళ్లీ చెప్పు" అనేవారు. కొండల కంటే ఆ డబ్బా వైపే ఎక్కువ చూశారు.

దారిలో విలియమ్స్ అనే ఊళ్లో ఆగాం. పేరుమోసిన 66వ నంబరు రోడ్డు ఈ ఊరి మధ్యగానే పోయేది. 1984లో కొత్త రహదారి వచ్చి ఊరిని పక్కకు పెట్టేసింది. ఒక దుకాణం ముందు పాతకారు బంపరుకి మందపాటి గుడ్డసంచి వేలాడుతోంది. కార్లలో ఏ సౌకర్యమూ లేని రోజుల్లో ఎడారి దాటేవారు ఇలాంటి సంచిలో నీళ్లు పోసి ముందు కట్టుకునేవారట. గుడ్డ చెమ్మగిల్లి, గాలికి ఆ చెమ్మ ఆవిరై లోపలి నీళ్లు చల్లబడేవి. "ఇది మన కూజాయే కదా!" అన్నారు మావారు. రైల్లో కిటికీ పక్కన కూజా పెట్టుకుని ప్రయాణించిన తరం మాది. సముద్రపు తేమ వల్ల మా బరంపురంలో కూజా అంత జోరుగా చల్లబరచదు. అరిజోనా పొడిగాలిలో మాత్రం తడిగుడ్డ నిమిషాల్లో చల్లబడుతుంది. ఆ రోజు ఆయన నవ్వడం అదే మొదటిసారి.

కేనియన్ దక్షిణపు అంచున మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో దిగాం. అక్కడ కరెంటు తగిలించుకునే వీలు లేదు, ఫ్రిజ్ గ్యాసు మీదే నడవాలి. ముందు ట్రైలరుని సమంగా నిలబెట్టాలి. గొట్టాల్లో ద్రవం తన బరువుతోనే కిందికి జారాలి గనక ఒరిగి ఉంటే ఒకచోట నిలిచిపోయి, వేడికి మాడి, ఫ్రిజ్ శాశ్వతంగా చెడిపోతుందట. నడుస్తున్నప్పుడు కుదుపులకి కదులుతూ ఉంటుంది గనక ఫరవాలేదు. అల్లుడు చక్రం కింద చెక్కలు వేస్తుంటే, మావారు రసమట్టం పుచ్చుకుని "ఇంకొంచెం, ఇంకొంచెం, చాలు" అని మేస్త్రీలా పురమాయించారు.

అంత ఎత్తులో గాలి పలచన, మంట నీరసిస్తుంది. 5,500 అడుగులు దాటితే వీలైతే కరెంటు మీద నడపమని ఫ్రిజ్‌తో ఇచ్చిన పుస్తకంలోనే ఉంది. అల్లుడు బయటి జాలీ తీసి మంట నీలంగా ఉందో లేదో చూసి వచ్చాడు. పగలంతా 40 దగ్గర ఊగిసలాడిన అంకె రాత్రి చలికి 34కి దిగింది. అప్పుడు మావారికి కొత్త దిగులు. ఇన్సులిన్ వేడికి ఎంత చెడుతుందో గడ్డకడితే అంతకంటే చెడుతుంది, ఒకసారి గడ్డకట్టింది మళ్లీ వాడకూడదు. ఈ ఫ్రిజ్‌లో వెనకనున్న అల్యూమినియం రేకులకి తగిలినవే ముందు గడ్డకడతాయి. మా సీసాలు మొదటినుంచీ తువ్వాలు చుట్టిన డబ్బాలో, తలుపు అరలో ఉన్నాయి. వెనక పెట్టిన కొత్తిమీర కట్ట మాత్రం గాజుముక్కలా అయింది.

మర్నాడు సూర్యోదయానికి అంచు మీద నిలబడ్డాం. 277 మైళ్ల పొడవు, సుమారు మైలు లోతు. అడుగున కొలరాడో నది దారంలా ఉంది. ఎరుపు, కాషాయం, ఊదా పొరలు ఒక్కొక్కటే వెలుగులోకి వచ్చాయి. మావారు గంటసేపు మాట్లాడలేదు. ఒక్కసారి కూడా డిగ్రీలెంత అని అడగలేదు. ఆ గంట కోసమే కదా ఇంత అవస్థ అనుకున్నాను.

అక్కడినుంచి కామెరాన్ మీదుగా పేజ్ ఊరికి దిగేసరికి మళ్లీ ఎడారి ఎండ. పేజ్‌లో కరెంటు ఉంది, కాని పడమటి ఎండ సరిగ్గా ఫ్రిజ్ వెనక జాలీ మీద పడింది. ఆ జాలీలోంచే వేడి బయటికి పోవాలి. సాయంత్రానికి 43కి ఎక్కింది. పాలు వెంటనే కాచేసి అల్లుడు ట్రైలరుని తిప్పి నిలిపాడు. జాలీ నీడకి వచ్చింది. రాత్రి పదింటికి 38. ఇడ్లీ పిండి పొంగలేదు, పెరుగు పులవలేదు. నా దృష్టిలో అవే అసలు థర్మామీటర్లు.

ఇప్పుడు వస్తున్న కొత్త ట్రైలర్లలో బ్యాటరీ మీద నడిచే కంప్రెసరు ఫ్రిజ్‌లు ఎక్కువయ్యాయి. వాటికి ఈ మట్టాలూ మంటలూ అక్కర్లేదు, బ్యాటరీని మాత్రం కనిపెట్టి ఉండాలి. ఏ రకమైనా, చల్లదనం ఇంటి దగ్గరే సంపాదించుకుని బయలుదేరాలి. దారిలో దాన్ని ఖర్చు కాకుండా కాపాడుకోవడమే మన పని. ముందురోజే వేయండి, చల్లనివే పెట్టండి, తలుపు తీయకండి, నీడన నిలపండి. మీ మందు ఎంత వేడి ఓర్చుకుంటుందో దాని కాగితంలో చదివి, డాక్టరుని అడిగి తెలుసుకోండి.

ఫీనిక్స్ చేరాక మనవరాలు ఎనిమిది రోజుల లెక్కల కాగితాలు చింపి తాతగారికిచ్చింది. ఆయన వాటిని మడిచి పాస్‌పోర్టులో పెట్టుకున్నారు. ఆ ఏడాది కార్తీకంలో మేం కాశీ వెళ్లాం. ఫ్లాస్కు, ఐసుపొట్లాలు, తువ్వాలు, థర్మామీటరు అన్నీ ఆయనే సర్దారు. రైలు కదిలాక, "ఎంత ఉందో చూడనా?" అని నేనడిగితే, "వద్దు, మూత తీయకు" అన్నారు.